గోదాట్లో కలిసిన బొమ్మలు

లోకంలో పుట్టినవాటికి లెక్క రాసేవారు చాలామంది ఉన్నారు. పోయినవాటికి లెక్క రాసేవారే కరువు. పెళ్ళిలో చదివించిన గిన్నెలకూ చెంబులకూ మనం ఎంతో శ్రద్ధగా జాబితా రాసుకుంటాం. ఇరవై ఏళ్ళ తరవాత ఆ గిన్నెల్లో ఒకటి సొట్టలుపడి పాతసామాన్లవాడి తట్టలో చేరితే, జాబితా తీసి దాని పేరు కొట్టేసే ఇల్లాలిని మీరెక్కడైనా చూశారా? నేను చూడలేదు.

అలాంటి లెక్క రాసేవాళ్ళు కూడా ఉన్నారని నాకు మా అన్నయ్య కొడుకు చెప్పాడు. వాడు టొరంటోలో ఉద్యోగం చేస్తూ, తీరికవేళల్లో హాకీ ఆటగాళ్ళ బొమ్మలున్న అట్టముక్కలు కూడబెడతాడు. మనవైపు పిల్లలు అగ్గిపెట్టె బొమ్మలు కూడబెట్టినట్టే అనుకోండి. కాకపోతే అక్కడ పెద్దవాళ్ళు కూడా ఆడతారు, ఖరీదు పెట్టి ఆడతారు. కొన్ని అట్టల మీద అంకె వేసి ఉంటుంది. తొంభైతొమ్మిదే అచ్చువేశాం, ఇది అందులో ఇరవైఅయిదోది అని దాని అర్థం.

“తొంభైతొమ్మిది అచ్చేశారు సరే అత్తా, ఇప్పుడెన్ని బతికున్నాయో ఎవరికి తెలుసు?” అన్నాడు వాడు.

అది తెలుసుకోవడానికే కొందరు పూనుకొని పద్దు రాస్తారట. ఫలానా అంకె కార్డు కుక్క నమిలింది, ఫలానాది ఇంట్లోకి నీళ్ళొచ్చి అంటుకుపోయింది, ఫలానాది పొయ్యిపాలైంది అని ఫోటో సాక్ష్యంతో సహా రాస్తారట. అచ్చులో వేసిన అంకె జనన ధ్రువీకరణ పత్రం మాత్రమే. మరణ ధ్రువీకరణ పత్రం ఎవరో ఒకరు కూర్చుని రాస్తే తప్ప పుట్టదు.

ఈ పిచ్చికి చరిత్ర లేకపోలేదు. కెనడాలో విలియం ప్యాటర్సన్ అనే మిఠాయి కంపెనీ 1923-24లో నలభై హాకీ బొమ్మల వరస వేసింది. నలభై కూడబెట్టిన పిల్లవాడికి స్కేటింగు బూట్లు బహుమతి. అందులో ఇరవైఅయిదో బొమ్మ, బెర్ట్ కోర్బో అనే ఆటగాడిది, కావాలనే బహు తక్కువగా వేశారంటారు. పిల్లలేమో మిఠాయి కొంటూనే పోయారు! నేడు ఆ బొమ్మ దొరకడం గగనకుసుమం.

అంతకంటే పెద్ద కథ అమెరికాలో బేస్‌బాల్ బొమ్మలది. టాప్స్ కంపెనీవారు 1952లో వేసిన బొమ్మలు అమ్ముడుపోక గోదాములో పడి ఉంటే, 1960లో ఆ కంపెనీ ఉద్యోగి సై బర్గర్ వాటిని పడవకెత్తించి అట్లాంటిక్ సముద్రంలో పారబోయించాడు. ఈ సంగతి ఆయనే తరవాత చెప్పుకున్నాడు. ఆ వరసలోదే మిక్కీ మాంటిల్ బొమ్మ ఒకటి 2022 ఆగస్టులో కోటీ ఇరవైఆరు లక్షల డాలర్లకు వేలంలో పోయింది. మన డబ్బులో నూరు కోట్ల పైచిలుకు! సముద్రంలో పారబోసినవాడు మిగిలినవాటికి వెల కట్టినట్టయింది.

ఈ కథ విన్నప్పుడు నాకు అట్లాంటిక్ కంటే ముందు గోదావరే మనసులో మెదిలింది. ఎందుకంటే మనవాళ్ళూ బొమ్మల్ని నీళ్ళలో కలిపారు. కానీ పారబోయలేదు, సాగనంపారు.

జనగామలో బస్సెక్కితే గంట ప్రయాణంలో చేర్యాల వస్తుంది. అక్కడి నకాషీ కుటుంబాలవారు తరతరాలుగా పటాలు గీస్తున్నారు. పటమంటే గోడకు తగిలించుకునే చిన్న బొమ్మ కాదు సుమండీ. మూడడుగుల వెడల్పున, ముప్పై నుంచి అరవై అడుగుల పొడుగున ఉండే గుడ్డ చుట్ట. నేతగుడ్డకు గంజీ, సుద్దమట్టీ, చింతగింజల జిగురూ, తుమ్మబంకా కలిపి పూతమీద పూత పెట్టి ఆరబెడతారు. దాని మీద ఎర్రటి నేల పరిచి, దీపపు మసితో గీతలూ, నీలిమందుతో నీలాలూ దిద్దుతారు. మొదట వినాయకుడు. ఆ తరవాత అడ్డపట్టీలుగా కథ. కథకుడు రాత్రి పటం కట్టి, కర్రతో బొమ్మ చూపిస్తూ, పాడుతూ, పట్టీ తరవాత పట్టీ విప్పుకుంటూ పోతాడు. సినిమా రాకముందు మన పల్లెలు చూసిన సినిమా అదే.

ఈ కథలు ఎవరివి వారివే. కాకిపడగలవారు ముదిరాజులకు పాండవుల కథ చెబుతారు. కూనపులివారు పద్మశాలీలకు మార్కండేయ పురాణం, భావనాఋషి కథ చెబుతారు. గౌడజెట్టీలు గౌడులకు గౌడపురాణం, పటంవారు చాకలివారికి మడేలు పురాణం, డక్కలివారు మాదిగలకు జాంబపురాణం. వినే కులం వేరు, చెప్పే కులం వేరు. కథకుడి కుటుంబానికి ఇన్ని ఊళ్ళని హక్కు ఉంటుంది. ఆ ఊళ్ళకే వెళ్ళాలి, అక్కడివారిచ్చే త్యాగం పుచ్చుకోవాలి. అన్నదమ్ములు వేరుపడితే పొలాలు పంచుకున్నట్టు ఊళ్ళు పంచుకునేవారు.

ఇప్పుడు చెప్పండి, అంకె వేసి అమ్మే అట్టముక్కలు మన పటాల ముందు ఏపాటి? కుటుంబానికి ఒక పటం, ఆ పటానికి కొన్ని ఊళ్ళు. ఇంకొకటి గీయమంటే నకాషీ గీయడు, గీసినా విప్పడానికి ఊరు లేదు. ఎవరూ అంకె వేయకుండానే లెక్క కట్టుదిట్టంగా ఉండేది.

ఇక పటం పోవడం ఎలాగో చూద్దాం. చుట్టీ విప్పీ, చుట్టీ విప్పీ రంగు పెచ్చులూడుతుంది. మొదటి పట్టీకీ అంచులకూ దెబ్బ ఎక్కువ. దీపపు పొగ, వానజల్లు, చెద, ఎలుక, ఊరినుంచి ఊరికి మోత, ఇవన్నీ దాని ఆయుర్దాయంలోంచి తలా కాస్త కొరుక్కుతినేవే. కొన్నేళ్ళు అతుకులతో నెట్టుకొచ్చి, ఇక కాదనుకున్నప్పుడు కథకుడు పాతపటం చంకనపెట్టుకుని నకాషీ ఇంటికి వచ్చేవాడు. పాతది ఎదురుగా పెట్టుకుని నకాషీ కొత్తది గీసేవాడు. కళ్ళు చివర దిద్దేవాడు, కళ్ళు తెరిస్తే ప్రాణం వచ్చినట్టు. పూజలయ్యాక కొత్తది కథకు వెళ్ళేది. పాతది నదికి వెళ్ళేది.

కాళేశ్వరం మీరు చూసే ఉంటారు. ఇప్పుడది భూపాలపల్లి జిల్లా. ప్రాణహిత వచ్చి గోదావరిలో కలిసేచోట మనవాళ్ళు పెద్దల అస్థికలు కలుపుతారు. పటాన్ని నీళ్ళలో కలపడమూ అదే భావం. చిరిగిన గుడ్డ కాదు, కాలం చేసిన పెద్దమనిషి. కొడుకు ఇంట్లో ఉన్నాడు గనక తండ్రిని ధైర్యంగా సాగనంపారు. ఏ పటం ఎప్పుడు పోయిందో పద్దు పుస్తకంలో లేకపోవచ్చు. కానీ కథకుడికి తెలుసు, నకాషీకి తెలుసు, ఊరికి తెలుసు.

చిక్కు ఎప్పుడొచ్చిందంటే, తండ్రి పోయి కొడుకు పుట్టని రోజు వచ్చినప్పుడు. ఊళ్ళో టూరింగు టాకీసు, ఆ తరవాత టీవీ వచ్చాయి. త్యాగమిచ్చే చేతులు తగ్గాయి. కొత్తపటం గీయించే స్తోమత కథకుడికి లేకపోయింది. నకాషీలు బతుకుతెరువుకు చిన్న చిన్న పటాలూ, తలుపుకు తగిలించే ముసుగులూ చేయడం నేర్చారు. వాళ్ళు అలా నేర్చారు గనకనే ఆ చేతిపని నేటికీ నిలిచింది, దానికి భౌగోళిక గుర్తింపూ వచ్చింది. అందుకు వాళ్ళకు దండం పెట్టాలి. కానీ అద్దం బిగించిన అడుగు చదరపు బొమ్మలో కథ నడవదు. ఒకే పట్టీ అక్కడ నిలబడిపోతుంది.

మహబూబాబాద్ అడవుల వైపు, గూడూరు, కొత్తగూడ, గంగారం పక్కకు వెళితే ఇంకో తీరు. కోయవారిలో ఇంటి వేలుపుల కొలువుల్లో పడిగెలు విప్పుతారు. త్రికోణపు గుడ్డ మీద ఆ వంశం ఎక్కడినుంచి వచ్చిందో, ఏ గట్టువారో బొమ్మల్లో ఉంటుంది. డోలీలవారు డోలు కొడుతూ దాన్ని పాడి వివరిస్తారు. ఒక వంశం పడిగె ఇంకో వంశానికి పనికిరాదు. అక్కడ గుడ్డ ఒక్కటే మిగిలితే చాలదు, చదివే గొంతూ మిగలాలి. సమ్మక్క సారలమ్మల కథను డోలు మీద పాడిన సకిని రామచంద్రయ్యగారికి 2022లో పద్మశ్రీ ఇచ్చారు. 2024లో ఆయన కన్నుమూశారు. గుడ్డకు చెద పట్టిందని చూసి చెప్పగలం. గొంతుకు పట్టిన చెదను ఎలా చూస్తాం?

మిగిలిన పాతపటాలు కొన్ని మ్యూజియాలకు చేరాయి. హైదరాబాదులో జగదీశ్ మిట్టల్ దంపతులు కూడబెట్టినవాటిలో 1625 నాటి తేదీ వేసిన పటం ఉంది. నాలుగు వందల ఏళ్ళ గుడ్డ! అది మిగిలిందని మురుస్తాం, సరే. దానితోపాటు పుట్టి నీళ్ళలో కలిసినవి ఎన్నో? 1625నుంచి నేటిదాకా మధ్యలో ఎన్ని తరాల పటాలు ఒకదాన్ని చూసి ఒకటి పుట్టి ఉంటాయో? మనం చూసేది చెట్టుకు మిగిలిన నాలుగు ఆకులు. వాటిని చూసి చెట్టంతా ఇలాగే ఉండేదనుకుంటే చరిత్ర తప్పుతుంది.

పైగా చిరునామాలు కూడా మారిపోతున్నాయి. 2016 అక్టోబరులో జిల్లాలు విడగొట్టినప్పుడు జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి వేరువేరు జిల్లాలయ్యాయి. చేర్యాలేమో సిద్దిపేటలో కలిసింది. పాత చీటీల్లో వరంగల్ జిల్లా అనే ఉంటుంది. రేపు ఎవరైనా వెతికేవారికి ఊరే దొరకకపోతే పటమేం దొరుకుతుంది?

అందుకే నేననేది, మనకూ ఒక పోయినవాటి పద్దు కావాలి. అందుకు పెద్ద పండితులక్కర్లేదు. ఊళ్ళో డెబ్బై దాటినవారి దగ్గర కూర్చుని నాలుగు మాటలడిగితే చాలు. మీ చిన్నప్పుడు పటం కట్టడానికి ఎవరొచ్చేవారు? ఏ కథ చెప్పేవారు? ఆఖరుసారి ఎప్పుడొచ్చారు? ఆ పటమేమయింది? నీళ్ళలో కలిపితే కలిపామని, చెద తింటే తిన్నదని, అమ్ముకుంటే అమ్ముకున్నారని ఉన్నదున్నట్టు రాయాలి. ఆకలికి అమ్ముకున్నవారిని తప్పుపట్టే అధికారం మనకు లేదు. రాసిపెట్టే బాధ్యత మాత్రం ఉంది.

టొరంటోలో కుక్క నమిలిన అట్టముక్కకు పద్దు రాసేది మిగిలినవాటి ధర పెరుగుతుందని. మనం రాయవలసింది ధర కోసం కాదు. గోదాట్లో కలిసిన పటం వెనక ఒక కుటుంబముంది, దాని ఊళ్ళున్నాయి, ఆ రాత్రి కథ వింటూ నిద్దరాపుకున్న పిల్లలున్నారు. ఆ పిల్లలే ఇప్పుడు డెబ్బైల్లో ఉన్నారు. అడగడానికి మనకున్న గడువు అంతే.