జింకకు పహణి లేదు



పోయిన నెల సమావేశంలో టిఫిన్ల దగ్గర మొదలైన మాట గొంతులు పెంచుకునేదాకా పోయింది కదా, ఈ పోస్టు దాని గురించే. రాని వాళ్ల కోసం సంగతి చెప్తాను. గౌరిబిదనూరు వైపు మనవాళ్ల ఊళ్లో నలుగురు కుర్రాళ్లు ఒక జట్టుగా చేరి, ఆదివారం తెల్లవారుజామున కృష్ణజింకల లెక్క రాసుకుంటున్నారు. ఒకరోజు గుంపు వెనకే నడుస్తూ గోమాళం దాటి ఒక రైతు చెనిక్కాయ చేలోకి దిగారు. ఆయన గెనిమ మీద నిలబడి ఒకటే అడిగాడట: "ఎవురిని అడిగి దిగినారప్పా?" జింకలు అందరివీ కదా మామా అన్నారు వీళ్లు. "అట్లయితే అవి మేసిన చెనిక్కాయకు కూడా అందరూ చేరి దుడ్లు కట్టండి" అన్నాడాయన.

సమావేశంలో సగం మంది కుర్రాళ్ల పక్షం, సగం మంది రైతు పక్షం. నేను ఆ రోజు నోరు తెరవలేదు, ఎందుకంటే నాకు జవాబు తెలియదు. ఇంటికొచ్చి చరిత్ర పుస్తకాలూ చట్టాలూ ముందేసుకుని కూర్చున్నాక అర్థమైంది, మన సీమలో ఆ ప్రశ్నకు చాలా వయసుంది. జింకను ఏం చేయాలన్నది ఎప్పుడూ రెండో మాటే. ఎవరి నేల మీద, ఎవరి అనుమతితో అన్నదే మొదటి మాట.

చిక్కబళ్లాపురం పుట్టుక కథే చూడండి. ఆవతి పాళెగాళ్ల వంశం వాళ్లు కోడిమంచనహళ్లి దగ్గర వేటాడుతుంటే ఒక కుందేలు వేటకుక్కలకు బెదరకుండా ఎదురు నిలబడిందట. ఇది పౌరుషమున్న నేల అని చెప్పి అక్కడే కోట, పేట కట్టారంటారు. ఇదే కుందేలు హంపీ దగ్గర హరిహర బుక్కల కుక్కల మీద కూడా తిరగబడింది, ఇంకా చాలా ఊళ్లలో తిరగబడింది. కాబట్టి దాన్ని జరిగిన సంగతిగా తీసుకోనక్కర్లేదు. కానీ కథను ఇలాగే ఎందుకు చెప్పుకున్నారో ఆలోచించండి. వేటకు వచ్చినవాడే నేలకు దొర అయ్యాడు. ఎవరి వేట ఎక్కడిదాకా సాగుతుందో వాళ్ల పాళెం అక్కడిదాకా ఉన్నట్టు లెక్క.

ఇంకా వెనక్కి పోతే మండ్య జిల్లా ఆతకూరు శాసనం ఉంది. క్రీ.శ. 949 నాటిది. గంగరాజు రెండో బూతుగ దగ్గర ఉన్న కాళి అనే వేటకుక్కను మణలేరుడు అనే వీరుడు కోరి తెచ్చుకున్నాడు. అది ఒక పెద్ద అడవిపందితో పోరాడింది, రెండూ చచ్చాయి. ఆ కుక్క పేరున రాయి నాటించి, దాని పూజకు భూమి కూడా ఇచ్చారు. వేటలో చచ్చిన కుక్క పేరున కూడా నేల రాసిచ్చిన రాజ్యం అది.

రాజుల వేట సంగతి అలా ఉంచి మన ఊళ్ల వేటకు వద్దాం. పాత మైసూరు సీమలో ఉగాది మర్నాడు హొసతొడకు అంటే మాంసం వండాల్సిందే. ఆ పూట మాంసం వేట నుంచి వచ్చిన కాలం ఒకటుండేది. మా తాత చెప్పిన పద్ధతి ఇది. వలలు కట్టేవాళ్లు ఒక పక్క, అరుస్తూ తోలేవాళ్లు ఇంకో పక్క. బయలుదేరే ముందు ఊరి పెద్దకు చెప్పాలి. పక్క ఊరి ఎల్ల దాటాలంటే ఆ ఊరి పెద్దకూ చెప్పాలి. జంతువు ఎవరి చేలో పడిందో వాళ్లింటికి ఒక కాలు పోవాలి. ఆ కాలు ఇవ్వకపోతే మరుసటి ఏడు ఆ చేనులోకి అడుగు పెట్టనివ్వరు. చదువులేని వాళ్లు నోటిమాటతో నడిపిన ఈ ఏర్పాటులో నేలగల వాడికి వాటా ఉంది, పొరుగు ఊరికి మర్యాద ఉంది. జింకకు మాత్రం ఏమీ లేదు, ఆ సంగతి దాచడం నాకిష్టం లేదు. అలా తోలితోలే మన గుట్టలు ఖాళీ అయ్యాయి.

దేవుడికి కూడా ఈ మర్యాద తప్పలేదు. అహోబిలం నరసింహస్వామి కనుమ నాడు పారువేటకు బయలుదేరి నలభై రోజులు ముప్పైకి పైగా ఊళ్లు తిరుగుతాడు. ఆయన పల్లకి దిగే చోటు కూడా తరతరాలుగా ఫలానా అరుగు, ఫలానా చావడి అని కట్టుబాటు.

పెద్ద మార్పు పందొమ్మిదో శతాబ్దంలో వచ్చింది. 1799లో శ్రీరంగపట్నం పడిపోయాక టిప్పు సుల్తాను వేటచిరుతలు, అంటే శివంగులు, ఆర్థర్ వెల్లెస్లీ చేతికి వచ్చాయి. వాటితో వేటాడించేది ముఖ్యంగా కృష్ణజింకలనే. ఆ శివంగులు మన దేశంలోనే లేకుండా పోయాయని 1952లో ప్రభుత్వం ప్రకటించింది. ఈలోగా తుపాకి వచ్చింది, దాని వెనకే లైసెన్సు వచ్చింది. 1901లో మైసూరు సంస్థానం వేట జంతువుల, చేపల రక్షణకు ఒక రెగ్యులేషన్ చేసింది. బ్రిటిష్ ఇండియాలో 1912లో అడవి పక్షుల, జంతువుల రక్షణ చట్టం వచ్చింది. మన సంగతి ఇక్కడే తమాషా. బాగేపల్లి మైసూరులో, హిందూపురం, మదనపల్లె మద్రాసు ప్రెసిడెన్సీలో. జింక ఒక్క ఎగురు ఎగిరితే చట్టం మారిపోతుంది! ఆ 1912 చట్టంలో, పంటను కాపాడుకోవడానికి నిజంగా తప్పక చంపితే నేరం కాదనే మినహాయింపు ఉండేది.

1972 వన్యప్రాణి రక్షణ చట్టం ఈ లెక్కంతా తిరగరాసింది. కృష్ణజింక మొదటి షెడ్యూల్లోకి పోయింది. 1991 సవరణతో లైసెన్సు వేట పూర్తిగా ఆగిపోయింది. పంట నాశనం చేసే కొన్ని జంతువులను చంపడానికి అధికారి రాతపూర్వకంగా అనుమతి ఇవ్వవచ్చని 11వ సెక్షన్ చెప్తుంది గానీ అది మొదటి షెడ్యూలుకు వర్తించదు. అంటే పంట తిన్నదని కృష్ణజింకను చంపడానికి అనుమతి ఇచ్చే దారే లేదు. నా మటుకు నాకు అది మంచిదే. కానీ రైతుకున్న మినహాయింపు తీసేసినప్పుడు దాని బదులు ఏం చేతిలో పెట్టాం? ఒక పరిహారం అర్జీ. దానికి ఎన్నిసార్లు తిరగాలో మీలో తిరిగినవాళ్లకు తెలుసు.

(మధ్యలో ఒక మాట. మనం అన్నిటినీ జింక అంటాం గానీ చుక్కల దుప్పి వేరు, కృష్ణజింక వేరు. దుప్పి కొమ్ములు రాలి మళ్లీ మొలుస్తాయి, కృష్ణజింక కొమ్ములు రాలవు. ఆంధ్ర రాష్ట్ర జంతువు కృష్ణజింక, తెలంగాణది చుక్కల దుప్పి. దుప్పికి చెట్ల నీడ కావాలి. కృష్ణజింకకు బయలు కావాలి, దూరం నుంచే శత్రువును చూసి పరుగెత్తడమే దాని బతుకు.)

ఆ బయలే మన గోమాళం. కర్ణాటక భూకందాయ నియమాల్లో 97వ నియమం ప్రకారం ప్రతి 100 పశువులకు 12 హెక్టార్ల గోమాళం ఉంచాలి. పశువులు తగ్గాయని లెక్క తేలితే మిగులు గోమాళాన్ని జిల్లాధికారి వేరే పనికి ఇవ్వవచ్చు. ఈ లెక్కలో ఆవు ఉంది, ఎద్దు ఉంది, జింక లేదు. ట్రాక్టర్లు వచ్చి ఎద్దులు పోయిన కొద్దీ జింక మేసే నేల కాగితం మీద మిగులు అయిపోయింది. తర్వాత సంగతి మనందరికీ కంఠతా వచ్చు: ఫారం 50, ఫారం 53, ఫారం 57. నేను ఎవరినీ తప్పు పట్టడం లేదు. మన ఇళ్లలోనూ ఆ ఫారాలు వేసినవాళ్లు ఉన్నారు, భూమి లేనివాడికి రెండెకరాలు రావడం చిన్న సంగతి కాదు.

మిగిలిన బయలు మీద చెట్లు నాటారు. 1980ల్లో సామాజిక అరణ్యం పేరుతో అప్పటి మన కోలారు జిల్లా నిండా నీలగిరి చెట్లు లేచాయి. తుమకూరు జిల్లాలో 1983 ఆగస్టులో రైతు సంఘం వాళ్లు నర్సరీల్లోకి పోయి నీలగిరి మొక్కలు పీకి చింత, మామిడి గింజలు నాటారు. తర్వాతి ఏడు పల్ప్ కంపెనీ కోసం ఒక ఉమ్మడి సంస్థ పెట్టి దాదాపు 30,000 హెక్టార్ల ఉమ్మడి భూమి ఇవ్వడానికి ప్రభుత్వం సిద్ధపడింది. 1987 నవంబరు 14న కుసనూరులో జనం మొక్కలు పీకి తమకు కావలసినవి నాటుకున్నారు. చివరికి 1991లో ఆ సంస్థను మూసేశారు. కొత్తగా నీలగిరి నాటడం రాష్ట్రమంతటా ఆపింది 2017లో. ఇదంతా పశువుల పేరున, రైతు పేరున జరిగిన పోరాటం. జింక పేరు ఎవరూ ఎత్తలేదు, అయినా దాని మేత కూడా అందులోనే ఉంది.

ఇప్పుడు మనకు దగ్గర్లో ఉన్న అసలు ఉదాహరణకు వస్తాను. మధుగిరి తాలూకా మైదనహళ్లి దగ్గర, హిందూపురానికి పడమర, ఆంధ్ర సరిహద్దును ఆనుకుని 798 ఎకరాల గడ్డిబీడు ఉంది. జయమంగలి కృష్ణజింకల సంరక్షణ రిజర్వు అని 2007లో ప్రకటించారు. మన చిక్కబళ్లాపురం జిల్లా అయిందీ అదే ఏడు. అక్కడ కూడా సగం బీడులో నీలగిరీ అకేషియా నాటి ఉన్నాయి. రిజర్వుకు గీత ఉంది గానీ జింకకు ఆ గీత తెలియదు. రాత్రి చుట్టూ ఉన్న చేలలోనే తిరుగుతుంది.

"సంరక్షణ రిజర్వు" అన్న మాట గుర్తుపెట్టుకోండి, ఎందుకంటే మొన్న సమావేశంలో ఒకరు మన గోమాళాన్ని కూడా "అలా రాసిచ్చేద్దాం" అన్నారు. 2002 సవరణలో రెండు రకాలు తెచ్చారు. ఒకటి సంరక్షణ రిజర్వు, అది ప్రభుత్వ భూమి మీద. దాని సమితిలో ఒక్కో పంచాయితీకి ఒక్క సీటు. అటవీ శాఖ మనిషే సభ్య కార్యదర్శి. స్వచ్ఛంద సంస్థల నుంచి ముగ్గురు, వ్యవసాయ శాఖ, పశుసంవర్ధక శాఖల నుంచి ఒక్కొక్కరు. ఆ సమితి పని సలహా ఇవ్వడం. రెండోది సముదాయ రిజర్వు, అది సొంత భూమి లేదా ఊరి ఉమ్మడి భూమి మీద, వాళ్లు ఇష్టపడి ముందుకొస్తే. అక్కడ పంచాయితీ ఎంచిన వాళ్లు కనీసం ఐదుగురు, అటవీ శాఖ నుంచి ఒక్కరు, అధ్యక్షుణ్ణి వాళ్లే ఎన్నుకుంటారు. మండ్య జిల్లా కొక్కరెబెళ్లూరు ఇలాంటిదే. కొంగలు కూర్చునే చెట్లు ఊరివాళ్లవి, ఊరు ఊరివాళ్లదే.

ఒక సీటా, ఐదు సీట్లా? తేడా ఇదే. మరి గోమాళం ఎవరిది? వాడుకలో ఊరిది. పహణిలో "సర్కారీ గోమాళ". ఊరు మాది అనుకున్న నేలను కాగితం సర్కారుది అంటుంది కాబట్టి మనకు మొదటి తలుపు సులభంగా తెరుచుకుంటుంది, రెండో తలుపు కొట్టాలంటే వాదించాలి. రెండో దాంట్లోనూ మెలిక ఉంది. ఒకసారి ప్రకటించాక భూమి వాడకం మార్చాలంటే సమితి తీర్మానం, ఆపైన రాష్ట్ర ప్రభుత్వ ఆమోదం, రెండూ కావాలి. తొందరపడి సంతకాలు పెట్టవద్దని అందుకే అంటున్నాను. హెసరఘట్ట గడ్డిబీడు విషయంలో 2021లో రాష్ట్ర వన్యప్రాణి మండలి వద్దంది, 2024లో సరే అంది. మధ్యలో మూడేళ్ల వాదులాట అంతా చుట్టుపక్కల రైతులు తమ భూములకు ఏమవుతుందో అని భయపడటం దగ్గరే తిరిగింది.

స్కాట్లాండులో ఉంటున్న మన సభ్యుడు ఒకాయన అక్కడి పద్ధతి గురించి రాశారు. అక్కడ అడవిలో తిరిగే దుప్పికి యజమాని లేడు, కానీ దాన్ని కాల్చే హక్కు నేలగల వాడిది. మంద ఒకరి ఎస్టేటు నుంచి ఇంకొకరి ఎస్టేటుకు పోతుంది కాబట్టి ఇరుగుపొరుగు భూస్వాములు కలిసి దుప్పి నిర్వహణ బృందాలుగా ఏర్పడతారు. కలిసి లెక్కపెడతారు, ఎవరు ఎన్నిటిని తగ్గించాలో ఒప్పుకుంటారు. ఆ బృందాలన్నిటికీ 1992 నుంచి ఒక సంఘం కూడా ఉంది. వాళ్లు చేయకపోతే 1996 చట్టం కింద ప్రభుత్వం చేయిస్తుంది. తుపాకితో పోవాలంటే యజమాని అనుమతి తప్పదు, ఊరికే నడిచి పోవాలంటే 2003 చట్టం ప్రకారం ఎవరైనా పోవచ్చు. మన దగ్గర చంపే ప్రశ్నే లేదు, అది ఇక్కడికి తెచ్చుకోకూడదు. కానీ మంద ఎల్ల దాటుతుంది కాబట్టి నేలగల వాళ్లంతా ఒకచోట కూర్చోవాలన్న భాగం మన తాతల వేటజట్టుకు తెలిసిందే కదా.

కుర్రాళ్ల సంగతికి వస్తే చట్టం సూటిగానే ఉంది. నేరం జరిగిందన్న అనుమానం ఉంటే లోపలికి వచ్చి వెతికే అధికారం 50వ సెక్షన్ అటవీ, పోలీసు అధికారులకు ఇస్తుంది. లెక్క రాసుకునే వాళ్లకు అలాంటిదేమీ లేదు. పట్టా చేలోకి దిగాలంటే రైతును అడగాల్సిందే, ఆయన అడిగింది న్యాయమే.

పోయిన ఆదివారం నేనూ ఇంకొక పెద్దాయనా ఆ కుర్రాళ్లను తీసుకుని రైతు ఇంటికి పోయాం. మజ్జిగ ఇచ్చారు. కుర్రాళ్లు తప్పయింది మామా అన్నారు, తాము రాసుకున్న నోటుపుస్తకం చూపించారు. తేదీ, పొద్దు, ఎన్ని మగవి, ఎన్ని ఆడవి, ఏ సర్వే నంబరులో మేస్తున్నాయి, అన్నీ వరసగా ఉన్నాయి. ఆయన కళ్లద్దాలు పెట్టుకుని తన సర్వే నంబరున్న పుటలు రెండుసార్లు తిప్పాడు. గెనిమ మీద నుంచి చూసుకోండి, కోత అయ్యాక లోపలికి దిగండి అన్నాడు. మేం లేచేటప్పుడు ఆ మూడు పుటలూ జెరాక్స్ తీయించి ఇమ్మన్నాడు. పరిహారం అర్జీకి జతచేయాలట.