అక్క ముఖానికి నాలుగు బ్రష్షులు

సాయంత్రం 4 గంటలు. హైదరాబాద్ కోఠి, సుల్తాన్ బజార్. ఎటు చూసినా జనమే, అడుగు పెట్టే సందు లేదు. నీ పిడికిట్లో 500 నోటు చెమటకి మెత్తబడింది. రేపు తెల్లవారుజామున 5 గంటల 12 నిమిషాలకి అక్క పెళ్లి ముహూర్తం. పార్లర్ వాళ్లు చెప్పిన ధర విని నాన్న ఏమీ అనకుండా లేచి పెరట్లోకి వెళ్లిపోయాడు. అప్పుడే అనేశావు, "అక్కని నేను తయారుచేస్తా" అని. ఫౌండేషనూ పౌడరూ ఇంట్లో ఉన్నాయి. బ్రష్షులే లేవు.

తోపుడు బండి మీద నల్ల పౌచ్ ఒకటి విప్పి పరిచి ఉంది. అందులో 24 బ్రష్షులు, బంగారు రంగు పిడులు.

"సెట్టు మొత్తం 350 అమ్మా. తీస్కో, ఇంకేం కొనే పనుండదు."

చెయ్యి ముందుకు పోతోంది. ఆగు. పెద్ద బ్రష్ ఒకటి తీసి, కుచ్చుని రెండు వేళ్లతో పట్టి మెల్లగా లాగు. మూడు వెంట్రుకలు వేళ్లకి వచ్చేశాయి. మళ్లీ లాగు. ఇంకో ఐదు. కొత్త బ్రష్ ఒకటో రెండో రాల్చడం మామూలే. లాగినప్పుడల్లా ఊడొస్తుంటే మాత్రం లోపల జిగురు సరిగా పట్టలేదన్నమాట. ఆ వెంట్రుకలే రేపు అక్క చెంప మీద, తడి ఫౌండేషన్‌లో, కెమెరా లైటు కింద ఉంటాయి. అయినా ఒక ముఖానికి 24 దేనికి? నాలుగు మంచివి దొరికితే చాలు.

బండి చివర ప్లాస్టిక్ డబ్బాలో విడి బ్రష్షులున్నాయి. వాటిమీద మెరుపు లేదు. ఒత్తుగా, బల్లపరుపుగా కోసిన కుచ్చున్నది తీసుకుని మణికట్టు లోపలివైపు తిప్పు. అక్కడ చర్మం పల్చన, గరుకుంటే ఇట్టే తెలిసిపోతుంది. ఇది గుచ్చుకోవడం లేదు. కుచ్చుని వేలితో వంచి వదులు, చటుక్కున నిలబడింది. పిడినీ రేకు గొట్టాన్నీ చెరో చేత్తో పట్టి తిప్పి చూడు. ఆడటం లేదు. ఇది ఫౌండేషన్‌కి. దూదిలా విచ్చుకున్న పెద్దది పౌడర్‌కి, వేలి కొసంత మెత్తటిది కంటి రెప్పల మీదికి, ఏటవాలుగా కోసిన సన్నది కాటుకకి.

"అన్నీ ఒరిజినల్ హెయిర్," అంటున్నాడు బండాయన. ఆ మాటకి విలువ కట్టకు. బేరం ఆడు. నాలుగూ కలిపి 280కి ఇచ్చాడు.

కల్యాణ తిలకం దిద్దడానికి ఇంకా సన్నది కావాలి. దానికి మేకప్ కొట్టు అక్కర్లేదు, పిల్లల డ్రాయింగ్ సామాను అమ్మే స్టేషనరీ షాపుకి వెళ్లు. 2 నంబరు గుండ్రటి నైలాన్ బ్రష్, 20 రూపాయలు. షాపాయన లోపలి నుంచి ఇంకోటి తెస్తున్నాడు, వెంట్రుకలు గోధుమ, తెలుపు చారలతో ఉన్నాయి. "ముంగిస బొచ్చు. ఇలాంటిది దొరకదు." తిరిగి ఇచ్చెయ్. ఆ కుచ్చు కోసం ముంగిసల్ని చంపుతారు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద ఆ బ్రష్ అమ్మినా నేరమే. నైలాన్‌ది చాలు.

రాత్రి 7 గంటలు. ఇల్లంతా చుట్టాలు. పౌడర్ బ్రష్ నుంచి ఒక వెంట్రుక రాలింది. దాన్ని అగ్గిపుల్ల మంటకి చూపించు. జుట్టు కాలిన వాసన వేసి బూడిదైంది, నిజం బొచ్చే. ఫౌండేషన్ బ్రష్‌ది కూడా ఒకటి పీకి చూపించు. కరిగి చిన్న పూసలా ముడుచుకుంది, నైలాన్. నీకు కావలసింది ఇదే. నైలాన్ నునుపుగా ఉంటుంది, క్రీముని తాగేయదు. బొచ్చు వెంట్రుక మీద కంటికి కనపడని పొలుసులుంటాయి, పౌడర్ వాటిలో పట్టుకుని కొంచెం కొంచెంగా వదులుతుంది.

ఇప్పుడు కడగాలి. బ్రష్‌ని తలకిందులుగా పట్టుకో. గోరువెచ్చని నీళ్లు, అరచేతిలో పిల్లల షాంపూ రెండు చుక్కలు. నల్లటి రంగు కారుతోంది. ఈ రంగే అక్క చెంపకి అంటేది! నీళ్లు తేటగా వచ్చేదాకా కడుగు. రేకు గొట్టంలోకి మాత్రం నీళ్లు పోనివ్వకు, జిగురు వదులైపోతుంది.

పిన్ని గ్లాసు తెచ్చింది. "ఇందులో నిలబెట్టవే, ఆరిపోతాయి." వద్దు. నిలబెడితే నీళ్లు కిందికి దిగేది జిగురులోకే. హెయిర్ డ్రయ్యర్ కూడా వద్దు, వేడికి నైలాన్ వంకర్లు తిరుగుతుంది. కుచ్చులు బయటికి వేలాడేలా బల్ల అంచున పడుకోబెట్టి ఫ్యాన్ వెయ్యి.

తెల్లవారుజాము 3 గంటలు. అక్క మంగళస్నానం చేసి పీట మీద కూర్చుంది. కుచ్చుల్ని ముట్టి చూడు. పొడిగా ఉన్నాయి.

బఠాణీ గింజంత ఫౌండేషన్ నీ చేతి వెనక వేసుకో. కొస అద్ది చెంప మీద తట్టు. గోడకి సున్నం వేసినట్టు లాగకు, చారలు పడతాయి. ముక్కు పక్క నుంచి బయటికి తట్టుకుంటూ పో. మరకలు మెల్లగా చర్మంలో కలిసిపోతున్నాయి. అక్క కళ్లు మూసుకుంది. నిన్ను నమ్మి కూర్చుంది.

చెంప మీద నల్లటి గీత. వెంట్రుక!

గోరు పెట్టకు. గీస్తే కింద పూత లేచిపోతుంది. డ్రాయింగ్ బ్రష్ కొస తడుపు. ఒత్తకుండా ఆనించు. ఎత్తు. వచ్చేసింది.

పౌడర్. అద్దుకుని, పిడిని మణికట్టుకి కొట్టి దులుపు. పిడి చివర పట్టుకో, చెయ్యి తేలికవుతుంది. ఇక కాటుక. ఏటవాలు బ్రష్ రెప్ప అంచున ఆనించి ఎత్తు, ఆనించి ఎత్తు. కుడి కన్ను అయింది.

"ఆ బ్రష్షు ఇటివ్వవే, నేనూ ఓ గీత పెట్టుకుంటా."

మేనత్త. కన్ను ఎర్రగా ఉంది. రెప్పల మూల పుసి.

కళ్లకలక.

ఈ ఇంట్లో ఆవిడ మాటకి ఎదురు లేదు. చెయ్యి చాపింది. అక్క ఎడమ కన్ను మిగిలే ఉంది. బ్రష్ ఒకటే. ఆ కంటిని ముట్టిన బ్రష్ ఈ కంటికి రాకూడదు.

చెప్పు. ఇప్పుడే చెప్పు.

"అత్తయ్యా, ఈ బ్రష్ ఇవ్వలేను. మీకు కళ్లకలక వచ్చింది. తగ్గేదాకా మీరు కాటుక పెట్టుకోకూడదు. ఏమీ అనుకోకండి."

గది నిశ్శబ్దం. అత్తయ్య నీ వంక చూసి, అక్క వంక చూసి, కొంగుతో కన్ను తుడుచుకుని బయటికి వెళ్లింది. నీ గుండె దడదడలాడుతోంది. ఎడమ కన్ను పూర్తి చెయ్యి.

4:40. డ్రాయింగ్ బ్రష్ కడిగి తుడిచి ఎర్ర తిలకంలో ముంచు. చిటికెన వేలు అక్క కణత మీద ఆనించు, చెయ్యి వణకదు. ఊపిరి బిగబట్టు. పైనుంచి కిందికి, ఒక్క గీత. బయట సన్నాయి మొదలైంది.

కొస కడుగు. కాటుకలో అద్దు.

"అక్కా, కదలకు."

బుగ్గచుక్క. ఒక్కటే చుక్క. ఆనించు.