గోదారి నీళ్లలో మోతల చరిత్ర

గోదావరి మీద చేపల వేట మొదటినుంచీ చప్పుడుతో ముడిపడి ఉంది. వల వేసి మాటు కాసేటప్పుడు పడవలో మాటలుండవు, తెడ్డు అంచుకి తగలకుండా చూసుకుంటారు. అదే చేపల్ని వలలోకి తోలాలంటే, ఒక పక్క వల కట్టి రెండో పక్కనుంచి గెడలతో నీళ్లు బాదుకుంటూ, పడవ బల్లల మీద దబదబా కొట్టుకుంటూ వస్తారు. చెవులు పైకి కనపడకపోయినా చేప వింటుందని మత్స్యకారులకు ఎవరూ నేర్పక్కర్లేకపోయింది.

ఆ వినికిడి ఎలా సాధ్యమో శాస్త్రం తర్వాత తేల్చింది. 1820లో జర్మన్ శాస్త్రవేత్త ఎర్న్స్ట్ హైన్రిష్ వేబర్ కొన్ని చేపల్లో గాలితిత్తినుంచి లోపలి చెవిదాకా ఉండే చిన్న ఎముకల వరసను వర్ణించాడు. నీటిలో కంపనం పుడితే గాలితిత్తి అదురుతుంది, ఆ అదురును ఈ ఎముకలు చెవికి చేరవేస్తాయి. మన శీలావతి, బొచ్చె, మోసు, వాలుగ, జెల్ల, అన్నీ ఈ ఎముకలున్న జాతులే. అందుకే మిగతా చాలా చేపలకంటే వీటి వినికిడి చురుకు. 1923లో శాస్త్రవేత్త కార్ల్ ఫాన్ ఫ్రిష్ చూపులేని ఒక జెల్లజాతి చేపకు ఈల వేసి మేత పెట్టడం అలవాటు చేశాడు. కొన్నాళ్లకు ఈల వినగానే అది దాక్కున్న చోటునుంచి బయటికి వచ్చేది. పైగా గాలిలో సెకనుకి 340 మీటర్లు పోయే శబ్దం నీటిలో దాదాపు 1500 మీటర్లు పోతుంది. నీటిలో పుట్టిన మోత దూరాన ఉన్న చేపకూ త్వరగానే చేరుతుంది.

ధవళేశ్వరం ఆనకట్ట పని 1847లో మొదలై 1852లో పూర్తయింది. ఇంజనీరు ఆర్థర్ కాటన్ తవ్వించిన కాలవలు పొలాలకు నీళ్లివ్వడమే కాదు, డెల్టాకి రహదారులయ్యాయి. ఏలూరు కాలవ, కృష్ణా కాలవలు, బకింగ్‌హాం కాలవ కలిశాక కాకినాడనుంచి మద్రాసుదాకా పడవ ప్రయాణం సాధ్యమైంది. గాలి ఉంటే తెరచాప ఎత్తేవారు. లేకపోతే మనుషులు గట్టు మీద నడుస్తూ భుజాన తాడు వేసుకుని పడవను లాగేవారు. బియ్యం, బెల్లం, పెళ్లివారు, అందరూ అలాగే వెళ్లేవారు. మనుషుల ఒళ్లు హూనమైపోయే పని అది, అందులో సందేహం లేదు. కానీ నీటి కింద మాత్రం పడవ అడుగు జారే సవ్వడి తప్ప మరేమీ లేదు. ఆవిరి బోట్లు, ఆ తర్వాత డీజిల్ లాంచీలు వచ్చాకే ఇంజన్ మోత నీటిలో నిత్యమైంది.

1897 ఈ కథలో గుర్తుంచుకోవలసిన ఏడాది. రాజమండ్రి దగ్గర గోదావరి మీద మొదటి రైలు వంతెన, తర్వాత హేవలాక్ వంతెన అని పేరుపడ్డది, ఆ ఏడాదే కట్టడం మొదలుపెట్టారు. 1900లో రైళ్లు నడిచాయి. రైలు బరువుకి పుట్టే అదురు స్తంభాల గుండా నది అడుగుదాకా దిగుతుంది. 1974లో రోడ్డు-రైలు వంతెన, 1990లలో ఆర్చి వంతెన దానికి తోడయ్యాయి. మొదటి వంతెన 1997లో విశ్రాంతి తీసుకుంది.

అదే 1897లో భారత మత్స్య చట్టం వచ్చింది. నీటిలో తోటాలు పేల్చి చేపలు పట్టడం, విషం కలిపి పట్టడం నేరమని చెప్పింది. రెండు నెలలదాకా జైలు, లేకపోతే 200 రూపాయలదాకా జరిమానా. తోటా పేలితే ఆ అదురుకి చేప గాలితిత్తి పగిలిపోతుంది. పెద్దదీ పిల్లదీ తేడా లేకుండా చస్తాయి. చచ్చినవాటిలో చాలాభాగం అడుక్కి దిగిపోయి పట్టినవాడి చేతికీ రావు. మోత చేపకు చేసే హానిని చట్టం చూసింది అక్కడే, అది పేలుడైనప్పుడే. రోజూ నీటిలో ఉండే మోత దాని కంట పడలేదు.

గోదావరి చేపల గురించి రాస్తూ పులసను వదిలేయడం కుదరదు. ఎర్రనీరు వచ్చే రోజుల్లో సముద్రంనుంచి నదిలోకి ఎదురీదుతుంది. ఆనకట్ట దాని దారికి అడ్డుపడిందన్నది అందరూ ఎరిగిన మాట. వినికిడి సంగతి ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. పులసకు చుట్టమైన అమెరికన్ షాడ్ 1,80,000 హెర్ట్జ్‌దాకా శబ్దాన్ని గుర్తిస్తుందని 1997లో శాస్త్రజ్ఞులు ప్రకటించారు. మనిషి చెవి 20,000 దగ్గరే ఆగిపోతుంది.

సముద్రం వైపు మోత ఇంకా పెద్దది. కృష్ణా-గోదావరి బేసిన్‌లో గ్యాస్ వెతుకులాటతో కాకినాడ, యానాం, కోనసీమ తీరం మారిపోయింది. ఆ బేసిన్‌లోని డీ6 గ్యాస్ క్షేత్రం 2002లో బయటపడింది, 2009లో అక్కడి గ్యాస్ గాడిమొగ దగ్గర ఒడ్డుకి చేరింది. సముద్రగర్భంలో ఇలా వెతకడానికి వాడే పద్ధతుల్లో ముఖ్యమైనది, ఓడ వెనక ఎయిర్‌గన్లు కట్టి గాలిని ఒక్కసారిగా పేల్చి, అడుగునుంచి తిరిగొచ్చే ప్రతిధ్వనిని చదవడం. నార్వే శాస్త్రజ్ఞులు బేరెంట్స్ సముద్రంలో ఇలాంటి సర్వేకి ముందూ తర్వాతా వలలు వేసి చూశారు. కాడ్ చేపల పట్టుబడి సగటున సగానికి పడిపోయింది. సర్వే ఆగిన అయిదు రోజులకీ కోలుకోలేదు. సర్వేల తర్వాత చేప దొరకడం లేదని తీరంలో ఎవరైనా అంటే కొట్టిపారేయడానికి వీల్లేదని ఆ లెక్క చెబుతోంది.

డెల్టాలో ఇప్పుడు చేపలెక్కువ ఉన్నది నదిలో కాదు, చెరువుల్లో. 1980లలో కొల్లేరు చుట్టూ, కైకలూరు, ఆకివీడు, భీమవరం పొలాలు చెరువులయ్యాయి. తెల్లవారుజామున ఆక్సిజన్ పడిపోతే చేప పైకి తేలి నోరు తెరుస్తుంది. అప్పుడు నీటికి గాలి కలిపే ఏరేటర్ తిప్పకపోతే పంట పోతుంది. ఆ యంత్రపు మోతే ప్రాణం నిలబెడుతుంది కాబట్టి దాన్ని తప్పుపట్టలేం. పూర్వం చేపపిల్లల్ని మట్టికుండల్లో రైలెక్కించినప్పుడు కూడా, పక్కన కూర్చున్న మనిషి దారిపొడవునా కుండని ఊపుతూ, చేత్తో నీళ్లు చరుస్తూ గాలి కలిపేవాడు. ఇప్పటికీ పిల్లల్ని రవాణా చేసేముందు మేత ఆపి, హాపాలో (నీటిలో కట్టే వలతొట్టిలో) ఉంచి, మీద నీళ్లు చిమ్మి ఆ కుదుపుకి అలవాటు చేస్తారు.

అమెరికాలో రెయిన్‌బో ట్రౌట్ చేపల్ని ఎనిమిది నెలలపాటు పెంపకపు తొట్ల మోతలో ఉంచి చూస్తే ఎదుగుదలలో గాని, వినికిడిలో గాని చెప్పుకోదగ్గ తేడా రాలేదు. ఆ మాటతో మన రైతులు నిశ్చింతగా ఉండొచ్చా అంటే, ఉండకూడదు. ట్రౌట్‌కి వేబర్ ఎముకలు లేవు, శీలావతికి ఉన్నాయి. శీలావతి కుటుంబానికే చెందిన గోల్డ్‌ఫిష్ మీద 2004లో చేసిన ప్రయోగంలో పది నిమిషాల మోతకే వినికిడి తగ్గింది, ఒంట్లో ఒత్తిడి హార్మోన్ ఎగిసింది. హార్మోన్ తర్వాత సర్దుకుంది గాని, 21 రోజులు మోతలో ఉన్న చేపలకు వినికిడి పూర్తిగా తిరిగి రావడానికి 14 రోజులు పట్టింది.

ఇంట్లో గాజుతొట్టిలో గోల్డ్‌ఫిష్ పెంచుకునేవాళ్లకి ఈ సంగతి పట్టించుకోదగ్గదే. గదిలో మాటలు, పాటలు నీటి ఉపరితలం దగ్గర దాదాపు పూర్తిగా వెనక్కి మళ్లిపోతాయి. తొట్టికి ఆనిన గాలిపంపు, అదే బల్ల మీది స్పీకరు, అద్దం మీద పిల్లలు టకటకా కొట్టే వేలు మాత్రం తిన్నగా నీటిలోకి దిగుతాయి. పంపు కింద స్పాంజి ముక్క వేయండి, లేదా దాన్ని తొట్టికి తగలకుండా వేలాడదీయండి. స్పీకరును వేరే బల్ల మీదికి మార్చండి. అద్దం కొట్టవద్దని పిల్లలకు చెప్పండి.