కాలువ వెంట వచ్చినవారు

బడిలో కొత్తగా చేరే పిల్లల దరఖాస్తులో స్వస్థలం అని ఒక గడి ఉంటుంది. ప్రతి ఏడాదీ బడి తెరిచే రోజుల్లో నా పని ఆ గడి దగ్గర కాసేపు ఆగుతుంది. ఒకసారి సిరుగుప్ప వైపు క్యాంపు నుంచి ఒక పిల్లవాణ్ణి చేర్చడానికి తాత, తండ్రి ఇద్దరూ వచ్చారు. "మాది భీమవరం దగ్గరండి, మాస్టారూ" అన్నాడు తాత. "అదెందుకు నాన్నా ఇప్పుడు, క్యాంపు పేరు రాయండి సార్" అన్నాడు తండ్రి. పిల్లవాణ్ణి అడిగితే కన్నడంలో "నమ్మ ఊరు సిరుగుప్ప" అన్నాడు. నేను పిల్లవాడు చెప్పిందే రాశాను.

అంత చిన్న గడి గురించి మన దేశంలో ఎంత వాదన జరిగిందో, ఇంకా జరుగుతూనే ఉందో ఈ ప్రసంగంలో మనవి చేస్తాను.

2024 జూలై మీకు గుర్తుండే ఉంటుంది. కర్ణాటక మంత్రివర్గం ఒక బిల్లును ఆమోదించింది. పరిశ్రమల్లోనూ, ఇతర సంస్థల్లోనూ నిర్వాహక ఉద్యోగాలు సగం, మిగిలిన ఉద్యోగాల్లో నూటికి 70 స్థానికులకే ఇవ్వాలన్నది దాని సారాంశం. స్థానికుడంటే ఎవరు? ఈ రాష్ట్రంలో పుట్టి, 15 సంవత్సరాలు ఇక్కడ నివసించి, కన్నడం మాట్లాడడం, చదవడం, రాయడం వచ్చినవాడు. బెంగళూరు పరిశ్రమల వారు గగ్గోలు పెట్టారు. రెండు రోజులకే ప్రభుత్వం ఆ బిల్లును పక్కన పెట్టింది.

ఆ రోజుల్లో మన జిల్లాలో తెలుగువారు కొందరు "మన మీదికే వచ్చిందప్పా ఇది" అని కంగారు పడ్డారు. అయితే ఇలాంటి చట్టం మొదట చేసింది మన తెలుగు రాష్ట్రమే. 2019లో ఆంధ్రప్రదేశ్ శాసనసభ పరిశ్రమల్లో నూటికి 75 ఉద్యోగాలు స్థానికులకే అని చట్టం చేసింది. తరువాత హర్యానా అలాంటి చట్టమే చేస్తే పంజాబ్-హర్యానా హైకోర్టు 2023 నవంబరులో దాన్ని కొట్టివేసింది. బయటివాడు అనే మాట ఒక భాషవారి సొత్తు కాదని చెప్పడానికే ఇదంతా చెప్పాను.

ఆ 15 సంవత్సరాల లెక్క కూడా కొత్తది కాదు. తుంగభద్రకు ఆవలి గట్టున ఉన్న గంగావతి, సింధనూరు, మాన్వి ప్రాంతాలు 1956 దాకా హైదరాబాదు రాష్ట్రంలో ఉండేవి. నిజాం ప్రభుత్వం 1919లో ముల్కీ నిబంధనలు పెట్టింది. బయటినుంచి వచ్చినవాడికి సర్కారు ఉద్యోగం కావాలంటే 15 సంవత్సరాలు ఆ రాజ్యంలో నివాసం ఉండాలి. తిరిగి తన ఊరికి పోయే ఆలోచన మానుకున్నానని ప్రమాణపత్రం కూడా ఇవ్వాలి. ఆ నిబంధనల మీద 1952లో హైదరాబాదులో ఉద్యమం నడిచింది, కాల్పుల్లో ప్రాణాలు పోయాయి. 1969 తెలంగాణ ఉద్యమానికీ మూలం అదే. పిల్లవాడి తాతను ఆ ప్రమాణపత్రం రాయమంటే ఏం రాసేవాడో మరి.

ఇక మన బళ్లారి సంగతికి వద్దాం. ఇక్కడి తెలుగువారు అందరూ ఒక్క తీరున వచ్చినవారు కారు. నిజం చెప్పాలంటే చాలామంది అసలు ఎక్కడినుంచీ రాలేదు. వారు ఉన్నచోటనే ఉన్నారు, సరిహద్దే వచ్చింది. 1953 అక్టోబరు 1న మద్రాసు రాష్ట్రంలోని బళ్లారి జిల్లాను విడదీసినప్పుడు ఆదోని, ఆలూరు, రాయదుర్గం తాలూకాలు ఆంధ్రకు వెళ్లాయి, మిగిలినవి మైసూరుకు వచ్చాయి. బళ్లారి తాలూకా ఎవరికి చెందాలన్నది తేల్చడానికి జస్టిస్ మిశ్రా ప్రత్యేకంగా విచారణ జరపవలసి వచ్చింది. రెండేళ్ల తరువాత రాష్ట్రాల పునర్విభజన సంఘం బళ్లారి, సిరుగుప్ప, హోస్పేట తాలూకాలను ఆంధ్రకు ఇవ్వమని సిఫారసు చేసింది గానీ కేంద్రం ఒప్పుకోలేదు. అంతకుముందు, బళ్లారి రాఘవ వంటి నటుడు తెలుగు నాటకమూ కన్నడ నాటకమూ ఆడిన కాలంలో, ఈ ఊరు ఎవరిదని అడిగితే జనం నవ్వి ఉండేవారు.

రెండో రకం తెలుగువారు కాలువ వెంట వచ్చినవారు. మనం ఇక్కడ కొంచెం ఆగాలి, ఎందుకంటే అసలు వాదన వీరి గురించే.

తుంగభద్ర మీద ఆనకట్ట ఆలోచన పాతది. 1860 నాటికే ఆర్థర్ కాటన్ దొర దాన్ని ప్రతిపాదించాడు. 1876 మొదలు 1878 దాకా వచ్చిన మహా క్షామంలో ఈ సీమ ఎంత నలిగిందో మన పెద్దలు తరతరాలుగా చెప్పుకున్నారు. చివరికి 1945 ఫిబ్రవరిలో మద్రాసు, హైదరాబాదు ప్రభుత్వాలు చెరొక గట్టున శంకుస్థాపన చేశాయి. 1953లో కాలువలకు నీరు వచ్చింది. మద్రాసు వైపు పనికి తిరుమల అయ్యంగారు ప్రధాన ఇంజనీరు.

ఆ కాలువలను వరి కోసం వేయలేదు. ఈ సంగతి చాలామందికి తెలియదు. కరవు నుంచి కాపాడడమే వాటి ఉద్దేశం. ఎక్కువ ఎకరాలకు కొద్దికొద్దిగా నీరిచ్చి జొన్న, పత్తి, వేరుశనగ ఎండిపోకుండా చూడాలనుకున్నారు. అందుకోసం ఏ సర్వే నంబరులో ఏ పంట వేయాలో ప్రభుత్వమే నిర్ణయించి పట్టిక రాసింది. వరికి అనుమతి ఉన్న భూమి అందులో కొద్దిభాగమే.

నీరు వచ్చింది, కానీ పొలాలు తడవలేదు. ఇక్కడి రైతు వర్షాధారపు సేద్యం తెలిసినవాడు. నల్లరేగడికి నీరు పెడితే భూమి చెడుతుందని అతని భయం, అది పూర్తిగా తప్పు భయమూ కాదు. ముప్పై నలభై ఎకరాలు ఉన్న కుటుంబానికి కూడా వాటిని చదును చేసి గట్లు వేయడానికి చేతిలో డబ్బు ఉండేది కాదు. అదే సమయంలో కృష్ణా గోదావరి డెల్టాల్లో భూమి ముక్కలై ధర కొండెక్కింది. అక్కడ ఒక ఎకరం అమ్మితే ఇక్కడ అంతకు ఎన్నో రెట్లు కొనవచ్చు. ఒకరు వచ్చి చూశారు, బావమరిదికి ఉత్తరం రాశారు, ఆయన పిన్నమ్మ కొడుకును వెంటబెట్టుకు వచ్చాడు. ఊరికి దూరంగా పొలాల మధ్య గుడిసెలు వేసుకున్నారు, వాటికే క్యాంపులని పేరు వచ్చింది. గంగావతి దగ్గరి శ్రీరామనగరం నేడు పెద్ద ఊరు. అలాంటివి కంప్లి, సిరుగుప్ప, కారటగి, సింధనూరు చుట్టూ ఎన్నో వెలిశాయి. మొదట వచ్చినవారు పాములతో, మలేరియాతో, తుమ్మ మొద్దులతో పడిన పాట్లు ఏ క్యాంపు అరుగు మీద కూర్చున్నా వినవచ్చు. కొంచెం కలిపి చెబుతారు గానీ, కష్టం మాత్రం నిజం.

వారు ఏం తెచ్చారు, ఏం తీసుకున్నారు అన్నది దశాబ్దాలుగా ఈ సీమలో నడుస్తున్న లెక్క.

తెచ్చింది కంటికి కనబడుతుంది. వరి వచ్చింది, వరి వెంట మిల్లులు వచ్చాయి. కారటగి, గంగావతి, సిరుగుప్ప బియ్యపు వ్యాపారానికి పేరుపడ్డాయి. ఇక్కడి సోనామసూరి బెంగళూరు దాకా వెళ్లింది. ఎరువుల కొట్లు, ట్రాక్టరు షెడ్లు, లారీలు, బ్యాంకులు పెరిగాయి. నాట్లకూ కోతలకూ కూలి దొరకడంతో ఆదోని, ఆలూరు మెట్ట పల్లెల నుంచి కూడా మనుషులు గంపలు ఎత్తుకొని వచ్చారు. స్థానిక రైతులు కొందరు పక్క పొలం చూసి వరి నేర్చుకున్నారు. భూముల ధర పెరిగింది కాబట్టి అమ్మకుండా ఆగినవాడు లాభపడ్డాడు.

మరి అమ్మినవాడో? ఆడపిల్ల పెళ్లికో, పాత అప్పుకో తక్కువ ధరకు పది ఎకరాలు ఇచ్చేసినవాడు, ఇరవై ఏళ్ల తరువాత అదే పొలంలో కూలికి వెళ్లిన సంఘటనలు ఈ ప్రాంతంలో ఎవరిని అడిగినా చెబుతారు. ఆయనకు బలవంతం ఏమీ జరగలేదు, కాగితం సక్రమమే. కానీ ఆయన కొడుకు నోట వలసిగరు అనే కన్నడ మాట వచ్చినప్పుడు అందులో ఉండే చేదుకు కారణం ఉంది. క్యాంపుల వారు దాన్ని అసూయ అని కొట్టిపారేయడం నాకు నచ్చదు. చౌడు మాట కూడా ఉంది. ఎడతెగని వరితో లోతట్టు పొలాల్లో నీరు నిలిచి, ఉప్పు పైకి తేలి, ఎన్నో ఎకరాలు పనికిరాకుండా పోయాయి. అందులో వచ్చినవారి పొలాలూ ఉన్నాయి, ఉన్నవారి పొలాలూ ఉన్నాయి.

అన్నిటికంటే పెద్ద దెబ్బ కాలువ చివరి భూములకు తగిలింది. పట్టికలో జొన్న అని రాసి ఉన్న పొలంలో వరి వేస్తే రెండు మూడు పొలాల నీరు అక్కడే అయిపోతుంది. కాలువ మొదట్లో ఉన్నవాడు తడిశాడు, మాన్వి, రాయచూరు వైపు చివర ఉన్నవాడు ఎండిపోయాడు. ఆ చివరి రైతులు రోడ్డెక్కడం, కాలువ గట్ల మీద పోలీసు కాపలా పెట్టడం మనం ఏళ్ల తరబడి చూస్తున్నాం.

ఇది వచ్చినవారి నేరమా? నా అభిప్రాయం చెబుతాను. మొదట అడ్డదారి పట్టినవారిలో వారు ముందున్నారు, దాన్ని దాచడం ఎందుకు? కానీ ఒక తరం గడిచేసరికి కాలువ మొదట్లో భూమి ఉన్న స్థానికుడు కూడా వరే వేశాడు. పట్టిక రాసిన ప్రభుత్వం దాన్ని అమలు చేయలేదు. తూము పెద్దది చేసినవాణ్ణి ఓట్ల కోసం చూసీచూడనట్టు వదిలారు. నేడు చివరి పొలం రైతుకూ మొదటి పొలం రైతుకూ ఉన్న తగాదా భాషది కాదు, నీటి వాటాది. తగాదాను ఆంధ్రవాడు, కన్నడవాడు అని పిలిచినంత కాలం వాటా ప్రశ్న ఎవరూ అడగరు. అది అడగకపోవడం వల్ల లాభపడేవారు రెండు భాషల్లోనూ ఉన్నారు.

ఇలా ఒక ప్రశ్న మరొకదాన్ని కప్పేయడం మన తెలుగువారు పెద్ద మూల్యం చెల్లించి చూసినదే. కోస్తా పెద్దలు రంగం అని పిలిచే రంగూన్ నగరంలో ఓడరేవు కూలీల్లో ఎక్కువమంది తెలుగువారు. 1930 మేలో వారు కూలి పెంచమని సమ్మె చేశారు. ఓడల యజమానులు బర్మా కూలీలను పనిలో పెట్టుకున్నారు, సమ్మె తీరగానే వారిని పొమ్మన్నారు. కోపం యజమాని మీదికి పోవలసింది, తెలుగు కూలీ మీదికి పోయింది. అల్లర్లలో వందమందికి పైగా చచ్చిపోయారు, వారిలో అత్యధికులు మనవారే. తరువాత భారతీయుల వలస మీద బాక్స్టర్ అనే అధికారి విచారణ జరిపాడు. వలస కూలీ బర్మా కూలీ పనిని లాక్కోలేదని, దానికి తోడుగా నిలిచాడని ఆయన నివేదిక తేల్చింది. అయినా 1941లో వలసను అరికట్టే ఒప్పందమే కుదిరింది. అంతలో జపాను యుద్ధం వచ్చి లక్షలమంది కాలినడకన తిరిగి వచ్చారు.

అయితే బర్మా వేరు దేశం. మన రాజ్యాంగం ఈ దేశంలో ఎక్కడికైనా పోయి నివసించే హక్కు ఇచ్చింది. దానితోపాటే వెనుకబడిన సీమకు రక్షణా ఇచ్చింది. 371జె అధికరణం 2013లో అమలులోకి వచ్చి బీదరు, కలబురగి, యాదగిరి, రాయచూరు, కొప్పళ, బళ్లారి ప్రాంతాలకు చదువుల్లో, ఉద్యోగాల్లో ప్రత్యేక వాటా కల్పించింది. అందులో స్థానికత పుట్టుకను బట్టి గానీ, నివాసాన్ని బట్టి గానీ నిర్ణయించవచ్చు. భాష మాట అక్కడ లేదు. క్యాంపుల్లో పుట్టిన పిల్లలకూ ఆ పత్రం వస్తుంది. ఒకనాటి వలసవారి మనుమడు ఈనాడు బెంగళూరు వారితో పోటీలో స్థానికుడిగా నిలబడుతున్నాడు.

2024 ఆగస్టు 10 రాత్రి డ్యాము 19వ గేటు గొలుసు తెగి కొట్టుకుపోయింది. ఆ వారమంతా మన జిల్లాలో ఎవరికీ నిద్ర లేదు. కన్నయ్య నాయుడు అనే తెలుగు ఇంజనీరు, వయసు మీరినా వచ్చి నిలబడి, పారే నీటిలోనే అడ్డు పలకలు దింపించాడు. అందరూ హమ్మయ్య అనుకున్నారు. కానీ గేటు కథలో పడి మనం అసలు లెక్క మరిచాం. డ్యాము కట్టినప్పుడు పట్టిన నీరు సుమారు 133 టి.ఎం.సి.లు. పూడిక వల్ల ఇప్పుడు పట్టేది 105 చిల్లరే. ఆయకట్టు తగ్గలేదు, వరీ తగ్గలేదు. ఆ తేడా ఎవరి పొలం నుంచి పోతున్నదో చివరి తూము దగ్గర నిలబడితే తెలుస్తుంది.

ఈసారి కాలువ వెంట బస్సులో వెళ్లేటప్పుడు, మొదట్లో దిగకుండా చివరి దాకా వెళ్లి చూడండి. అక్కడ జొన్న చేలో నిలబడ్డ మనిషిని ఊరు అడగకండి, కాలువలో నీరు ఎప్పుడు వచ్చిందని అడగండి.