హాలీ సిక్కా నుండి అంతర్జాల అంగడి దాకా: అమ్మకందారు పుచ్చుకోదగిన సొమ్మును నిర్ణయించేదెవరు? – ఉప్పల్, నాచారం నేపథ్యంలో ఒక పరిశీలన

ఉపోద్ఘాతం:

ఉప్పల్ కూడలి నుండి నాచారం వెళ్లే దారిలో కూరగాయల బండికైనా, టీకొట్టుకైనా ఒక క్యూఆర్ కోడు అంటించి ఉంటుంది. అదే బండివాడు నోటిచ్చినా పుచ్చుకుంటాడు, చిల్లర లేకుంటే రేపిమ్మంటాడు, తెలిసిన మనిషైతే ఖాతా రాసుకుంటాడు. ఏ రూపంలో సొమ్ము తీసుకోవాలన్నది అతని ఇష్టం. ఆ పక్కనే పారిశ్రామికవాడలో తయారై అంతర్జాల అంగట్లో అమ్ముడయ్యే సరుకు సంగతి వేరు. అక్కడ కొన్నవాడు ఎలా చెల్లించాలో, ఆ డబ్బు ముందు ఎవరి చేతికి చేరాలో, అమ్మినవానికి ఎప్పుడు రావాలో అంగడి యాజమాన్యమే నిర్ణయిస్తుంది.

దీనిని సాంకేతిక పరిజ్ఞానంతో వచ్చిన కొత్త సమస్యగా భావించడం పరిపాటి. హైదరాబాదు చరిత్ర అలా చెప్పదు. ఈ నగరంలో అంగట్లో చెల్లే సొమ్ము ఏది అన్న ప్రశ్న ఒకప్పుడు రెండు ప్రభుత్వాల మధ్య వివాదమైంది. ఆ పూర్వరంగాన్ని గుర్తుచేస్తూ, నేటి ఆంక్షను దాని పక్కన ఉంచి చూడడం ఈ వ్యాస ఉద్దేశం.

హాలీ – కల్దారు:

అరబ్బీ ‘హాల్’ అంటే వర్తమానం. హాలీ సిక్కా అంటే ప్రస్తుతం చలామణిలో ఉన్న నాణెం. ‘కల్’ అంటే యంత్రం. యంత్రంతో ముద్రించిన బ్రిటిష్ ఇండియా రూపాయి కల్దారు. ఒక నాణేనికి కాలాన్ని బట్టి, మరొక నాణేనికి తయారీని బట్టి పేరు రావడం గమనించదగినది. 1904లో చార్మినారు బొమ్మతో యంత్రముద్రిత రూపాయి వచ్చాక హాలీ కూడా యంత్రం నుండే పుట్టింది. అయినా కల్దారు అన్న పేరు బ్రిటిష్ రూపాయికే నిలిచిపోయింది.

అంతకుముందు గద్వాల, నారాయణపేట వంటి చోట్ల కూడా టంకసాలలు ఉండేవి. వాటిని తొలగించి ముద్రణను రాజధానికి పరిమితం చేసే పని సాలార్‌జంగ్ కాలంలో సాగింది. ఏ సొమ్ము చెల్లుతుందో ఒక్కచోటే నిర్ణయం కావాలన్న పట్టుదల ఈ నేలపై అప్పటినుండే ఉందన్నమాట. 1918లో కాగితపు నోట్ల చట్టం వచ్చింది. ఆ నోట్లపై ఉర్దూ, ఇంగ్లీషులతో పాటు తెలుగు, మరాఠీ, కన్నడాల్లోనూ విలువ రాసేవారు.

అయితే సికిందరాబాదు దండు ప్రాంతంలోనూ, రెసిడెన్సీ బజార్లలోనూ కల్దారుదే పెత్తనం. నాచారం, ఉప్పల్ అప్పటికి ఊరి బయటి పల్లెలు. అక్కడి రైతు సికిందరాబాదు అంగట్లో కూరగాయలు అమ్మితే చేతికి వచ్చేది కల్దారు. సర్కారుకు శిస్తు కట్టవలసింది హాలీ. మధ్యలో సరాఫు ఉండేవాడు. రెండింటి మధ్య మారకానికి అతడు కోసుకొనేది బట్టా, తెలుగులో వట్టం. రెండు రకాల సొమ్మున్న చోట ఆ వట్టం భారం చివరికి ఎవరిపై పడుతుందన్నదే అసలు ప్రశ్న. బేరమాడే బలం లేనివానిపైనే అది పడి ఉంటుందని ఊహించడం కష్టం కాదు.

నూటపదహార్ల లెక్క:

ఇక్కడ ఒక ప్రచారాన్ని పరీక్షించాలి. ఏడు హాలీ రూపాయలు ఆరు కల్దారులకు సమానం. ఈ లెక్కన నూరు కల్దారులకు 116 రూపాయల 10 అణాల 8 పైసల హాలీ వస్తుంది. నూటపదహార్లు కట్నంగా చదివించే మన ఆచారం ఈ మారకం నుండే పుట్టిందని చాలామంది చెబుతారు. వినడానికి బాగుంటుంది. కానీ అదే నిజమైతే వెయ్యి కల్దారులకు 1166 పైచిలుకు రావాలి. మనం చదివించేది వెయ్యినూటపదహార్లు. పైగా నిజాం పాలన లేని కోస్తా జిల్లాల్లోనూ ఈ ఆచారం ఉంది. పదహారు అణాలు ఒక నిండు రూపాయి. ‘పదహారణాల తెలుగు’ అనడంలో ఉన్న నిండుదనమే కట్నంలోనూ ఉందనుకోవడం మేలు. మారకపు రేటుతో అంకె కలవడం యాదృచ్ఛికమే కావచ్చు. అయినా ఆ కథ అంతగా నమ్మబలకడానికి ఒక కారణముంది: రెండు రకాల రూపాయల మధ్య బతికిన జనానికి ఆ లెక్క నోటికి వచ్చు.

1947 ఆర్డినెన్సు:

1947 నవంబరు 29న నిజాముకూ భారత ప్రభుత్వానికీ యథాతథ ఒడంబడిక కుదిరింది. ఆ తరువాత కొద్దికాలానికే మీర్ లాయక్ అలీ ప్రభుత్వం రెండు ఆర్డినెన్సులు తెచ్చింది. ఒకటి విలువైన లోహాలను భారతదేశానికి తరలించడాన్ని ఆంక్షించింది. రెండవది భారత రూపాయి సంస్థానంలో చట్టబద్ధంగా చెల్లదని ప్రకటించింది. ఇది ఒడంబడికకు విరుద్ధమని భారత ప్రభుత్వం అభ్యంతరం చెప్పింది. వి. పి. మేనన్ సంస్థానాల విలీనంపై రాసిన గ్రంథంలో ఈ వివాదం ప్రస్తావన ఉంది.

మన చరిత్రకారులు ఈ ఆర్డినెన్సును రాజ్యాధికార ప్రకటనగా మాత్రమే చూశారు. అది సబబే, కానీ సగమే. ఆ ఆజ్ఞ తగిలింది దుకాణంలో కూర్చున్నవానికి. నిన్నటిదాకా పుచ్చుకున్న రూపాయిని ఇవాళ కాదనవలసింది అతడే. 1948 సెప్టెంబరులో సంస్థానం పతనమైనా హాలీ ఒక్కరోజులో పోలేదు. 1950లో భారత రూపాయి అధికారికంగా ప్రవేశించాక కూడా ఏడుకు ఆరు చొప్పున రెండూ పక్కపక్కన నడిచాయి. హాలీ పూర్తిగా రద్దయింది 1959లో. పాత వ్యవస్థ నుండి బయటపడడానికి అంగడికి ఏళ్ల గడువు దొరికింది. 1903 నుండి సైఫాబాదులో ఉన్న టంకసాల కేంద్ర ప్రభుత్వ పరమై, 1997లో నాచారానికి ఎంతో దూరం లేని చర్లపల్లికి తరలింది.

అంగడే సర్కారైనప్పుడు:

ఇప్పుడు ఆ ఆజ్ఞ ప్రభుత్వం నుండి రావడం లేదు. 2008లో ఆస్ట్రేలియాలో ఈబే సంస్థ తన అంగట్లో పేపాల్ ద్వారానో, సరుకు చేత పట్టుకొనేటప్పుడు నగదుగానో తప్ప చెల్లింపు కూడదనే నిబంధన తలపెట్టింది. పేపాల్ కూడా అప్పట్లో ఈబేదే. అక్కడి పోటీ నియంత్రణ సంస్థ అభ్యంతరపెట్టడంతో వెనక్కి తగ్గింది. భారతదేశంలో అదే సంస్థ పైసాపే పేరుతో సొంత చెల్లింపు పద్ధతి నడిపింది. 2018లో ఆ అంగడే మూతపడింది. యాప్‌ల తయారీదారులను తన బిల్లింగు పద్ధతికే కట్టడి చేసినందుకు గూగుల్‌పై మన పోటీ కమిషన్ 2022 అక్టోబరు 25న 936.44 కోట్ల రూపాయల జరిమానా విధించింది. అప్పీలులో ఆ మొత్తం తగ్గింది.

ఇందులో అంగడివారి వాదనను తోసిపుచ్చలేం. ముఖం తెలియని ఇద్దరి మధ్య బేరంలో మోసం జరగకుండా డబ్బును మధ్యలో నిలపాలి. రిజర్వు బ్యాంకు 2009లోనూ, 2020 మార్చి 17నాటి మార్గదర్శకాల్లోనూ ఈ మధ్యవర్తి సొమ్మును బ్యాంకులో ప్రత్యేక ఖాతాలో ఉంచాలనీ, నిర్ణీత గడువులో అమ్మకందారుకు చేర్చాలనీ చెప్పింది. నిర్దేశించింది గడువును, భద్రతను. అమ్మకందారుకు ఎంపిక కల్పించలేదు.

నాచారంలో స్టీలు డబ్బాలు చేసే ఒక చిన్న తయారీదారు ఉన్నాడనుకుందాం. రేకు కొన్నది రొక్కానికో, నెల అరువుకో. శనివారం కూలి ఇవ్వాలి. ఇరుగుపొరుగు దుకాణానికి అమ్మిన డబ్బాల సొమ్ము ఆ సాయంత్రమే అతని ఫోనులో మోగుతుంది. 2020 జనవరి 1 నుండి యూపీఐ చెల్లింపుపై వ్యాపారి రుసుము కూడా లేదు. అంతర్జాల అంగట్లో అమ్మినవాటి సొమ్ము మాత్రం రుసుములూ వాపసులూ పోను తరువాత వస్తుంది. సరాఫు కోసుకున్నది కనిపించేది. ఇచ్చిన నాణేలూ తీసుకున్న నాణేలూ లెక్కపెడితే తెలిసేది. ఆలస్యానికి అయిన వడ్డీ ఏ పద్దులోనూ ఉండదు. నా దృష్టిలో ఇదే నేటి వట్టం.

మరొక తేడా ఉంది. 1947లో ఆర్డినెన్సును పాటించని దుకాణదారు గుట్టుగానైనా కల్దారు పుచ్చుకోగలిగేవాడు. అంతర్జాల అంగట్లో గుట్టుకు చోటు లేదు. బయట చెల్లింపుకు దారి చూపిన అమ్మకందారు ఖాతానే కోల్పోవచ్చు. ఖాతా పోతే ఏళ్లుగా కూడబెట్టుకున్న కొనుగోలుదారుల అభిప్రాయాలూ దానితోపాటే పోతాయి.

హాలీ కాలపు వట్టం ఎంత, ఎవరిపై ఎంత పడింది అన్న ప్రశ్నకు జవాబు ప్రభుత్వ నివేదికల్లో కన్నా వర్తకుల రోకడి చిట్టాల్లో వెతకాలి. రాష్ట్ర అభిలేఖాగారం ఉన్నది తార్నాకలో, నాచారానికి పక్కనే. ఆర్థిక శాఖ పాత ఉర్దూ దస్త్రాలనూ, ఇళ్లలో మిగిలిన తెలుగు చిట్టాలనూ కలిపి చదవగల పరిశోధకులు ఇందుకు కావాలి. తెలుగు శాఖల్లో ఉర్దూ నేర్చినవారు అరుదు. చరిత్ర శాఖల్లో చిట్టాల గొలుసుకట్టు రాత చదవగలిగేవారు అంతకన్నా అరుదు.