రీఫర్బిష్డ్ ల్యాప్‌టాప్: సరుకు, వయసు, పరీక్ష

ఒకరు వాడి వదిలేసిన ల్యాప్‌టాప్‌ను పరీక్షించి, చెడిన భాగాలు మార్చి, శుభ్రం చేసి, ఎంతో కొంత వారంటీతో తిరిగి అమ్మితే దాన్ని రీఫర్బిష్డ్ ల్యాప్‌టాప్ అంటారు. పరీక్ష, మరమ్మతు ఏదీ లేకుండా ఉన్నది ఉన్నట్టు చేతులు మారేది సెకండ్ హ్యాండ్. ఈ తేడా కాగితం మీద ఉన్నంత స్పష్టంగా కౌంటర్ దగ్గర ఉండదు. తుడిచి, మూత మీద కొత్త స్టిక్కర్ అంటించిన యంత్రం కూడా రీఫర్బిష్డ్ పేరుతోనే అమ్ముడుపోతుంది. భారతదేశంలో ఈ సరుకులో పెద్ద భాగం కార్యాలయాల నుంచి వస్తుంది. అందుకే దుకాణాల్లో లెనోవో థింక్‌ప్యాడ్, డెల్ లాటిట్యూడ్, హెచ్‌పీ ఎలైట్‌బుక్ వంటి బిజినెస్ శ్రేణులే ఎక్కువగా కనిపిస్తాయి. ఇంజనీరింగ్ విద్యార్థులు, కోర్సుల్లో చేరినవాళ్లు, డీటీపీ సెంటర్లు, చిన్న ఆఫీసులు వీటిని ఎక్కువగా కొంటారు.

సరుకు ఎక్కడిది

కార్యాలయ ల్యాప్‌టాప్ చాలావరకు బాగా పనిచేస్తూ ఉండగానే మూడు నాలుగేళ్లకు బయటికి వస్తుంది. 2013 నాటి కంపెనీల చట్టం రెండో షెడ్యూలు ల్యాప్‌టాప్, డెస్క్‌టాప్‌ల ఉపయోగకాలాన్ని 3 ఏళ్లుగా, సర్వర్లు, నెట్‌వర్క్ పరికరాలకు 6 ఏళ్లుగా చూపుతుంది. ఆదాయపు పన్ను లెక్కల్లో కంప్యూటర్లకు తరుగుదల 40 శాతంగా ఉంటూ వచ్చింది. కంపెనీలు తీసుకునే వారంటీ కూడా తరచుగా మూడేళ్లే. ఈ గడువులు దాటాక యంత్రానికి ఖాతాలో పెద్దగా విలువ ఉండదు, చెడితే బాగుచేయించే ఖర్చు మాత్రం కంపెనీదే. అందుకని వందల సంఖ్యలో ఒక లాట్‌గా అమ్మేస్తారు. లీజు ముగిసి వెనక్కి వచ్చేవి కూడా ఇదే దారి పడతాయి. లాట్ కొన్న వ్యాపారి బోర్డు బాగున్నవీ స్క్రీన్ పోయినవీ వేరుచేసి, రెండు మూడింటి భాగాలతో ఒకటి నిలబెట్టి, కింది వర్తకులకు పంచుతాడు.

ఢిల్లీలో నెహ్రూ ప్లేస్, ముంబయిలో లామింగ్టన్ రోడ్, బెంగళూరులో ఎస్పీ రోడ్, చెన్నైలో రిచీ స్ట్రీట్ ఈ వ్యాపారానికి పేరుపడ్డ చోట్లు. తెలుగు రాష్ట్రాలకు సంబంధించినంతవరకు సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్‌ను, జనం నోట సీటీసీని, మొదట చెప్పుకోవాలి.

విదేశాల నుంచి వాడిన కంప్యూటర్లు తెప్పించడం విదేశీ వాణిజ్య విధానం కింద నియంత్రిత జాబితాలో ఉంది, అనుమతి లేనిదే కుదరదు. కనుక ‘ఫారిన్ లాట్’ అని ఊరించే అమ్మకందారు మాటకు అదనపు ధర పెట్టనక్కర్లేదు. ఎలక్ట్రానిక్ వ్యర్థాల నిర్వహణకు 2011, 2016, 2022 సంవత్సరాల్లో నిబంధనలు వచ్చాయి. 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్న చివరి నిబంధనలు రీఫర్బిషర్లు కూడా కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి దగ్గర నమోదు కావాలంటాయి. వీధి స్థాయి వ్యాపారంలో ఈ నమోదు గురించి అడిగేవాళ్లు అరుదు.

వయసు లెక్క

ఒకే ల్యాప్‌టాప్‌కు మూడు ‘సంవత్సరాలు’ వినిపిస్తాయి: మోడల్ విడుదలైన ఏడు, ఆ యంత్రం తయారైన ఏడు, వారంటీ మొదలైన తేదీ. అమ్మేవాళ్లు వీటిలో అన్నిటికన్నా దగ్గరిదాన్ని చెబుతారు. 2018 మోడల్‌ను 2019 చివర కొన్న కంపెనీ ఉంటే అది ‘2020 పీస్’గా మార్కెట్లోకి రావడం వింతేమీ కాదు. అడుగున ఉన్న సీరియల్ నంబరును, డెల్ అయితే ఏడక్షరాల సర్వీస్ ట్యాగ్‌ను, తయారీదారు సపోర్ట్ పేజీలో కొడితే వారంటీ తేదీలు తెలుస్తాయి. అడుగు స్టిక్కర్ మీది నంబరు, బయోస్‌లో కనిపించే నంబరు ఒకటే కాకపోతే బోర్డో అడుగు మూతో మారిందని అర్థం. అది లోపమే కానక్కర్లేదు గానీ, చెప్పకుండా అమ్మితే మాత్రం అనుమానించాలి.

కొనేవాడికి తయారీ ఏడుకన్నా ప్రాసెసర్ తరం ముఖ్యం. తొమ్మిదో తరం వరకు ఇంటెల్ పేరులో గీత తర్వాతి మొదటి అంకె తరాన్ని చెబుతుంది: ఐ5-7200యూ ఏడో తరం, ఐ5-8250యూ ఎనిమిదో తరం. 2017 ఆగస్టులో వచ్చిన ఈ ఎనిమిదో తరం 15 వాట్ల చిప్‌లలో ఐ5కు నాలుగు కోర్‌లు, ఎనిమిది త్రెడ్‌లు ఇచ్చారు. అంతకుముందు ఐ5-7200యూకే కాదు, ఐ7-7500యూకు కూడా రెండే కోర్‌లు. ‘ఐ7’ అన్న స్టిక్కర్ చూసి ఏడో తరానికి రెండు మూడు వేలు ఎక్కువ పెట్టేవాళ్లు నిజానికి తక్కువ యంత్రాన్ని కొంటున్నారు. ఒకే మోడల్ పేరుతో రెండు తరాల చిప్‌లూ అమ్మిన సందర్భాలున్నాయి కనుక మోడల్ పేరుతో ఆగకుండా చిప్ నంబరు అడగాలి.

ఎనిమిదో తరం దగ్గర గీత గీయడానికి మరో బలమైన కారణం విండోస్. 2021 అక్టోబరు 5న వచ్చిన విండోస్ 11 టీపీఎం 2.0, సెక్యూర్ బూట్ అనే భద్రతా ఏర్పాట్లు కోరడంతో పాటు, కొద్ది మినహాయింపులు పోగా ఇంటెల్ ఎనిమిదో తరం నుంచే అధికారికంగా అనుమతిస్తుంది. విండోస్ 10కు మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది, గృహ వినియోగదారులకు పొడిగింపు భద్రతా అప్‌డేట్‌లు 2026 అక్టోబరు వరకే. పాత యంత్రాల్లో విండోస్ 11ను అడ్డదారిన ఎక్కించే పద్ధతులు ఉన్న మాట నిజమే. అవి ముందుముందు అప్‌డేట్‌లు అందుకుంటాయన్న హామీ లేదు.

ఒక ఉదాహరణ: థింక్‌ప్యాడ్ టీ480

థింక్‌ప్యాడ్ శ్రేణిని ఐబీఎం 1992లో ప్రారంభించింది. 2005లో ఆ వ్యాపారం లెనోవో చేతికి వచ్చింది. 2018 నాటి టీ480 పాత మార్కెట్లో ఇప్పటికీ అడిగి మరీ కొనే మోడల్. మెమరీకి రెండు స్లాట్లు ఉండటం, డిస్క్ సులువుగా మార్చుకోగలగడం, లోపల ఒకటి వెనక ఒకటిగా రెండు బ్యాటరీలు ఉండటం దీనికి కారణాలు. లోపలి బ్యాటరీ యంత్రాన్ని నడిపిస్తుండగా వెనకది ఊడదీసి మరొకటి పెట్టుకోవచ్చు. తర్వాతి ఏడాది వచ్చిన టీ490లో ఈ ఏర్పాటు పోయింది, మెమరీలో కొంత బోర్డుకే అతికించారు. పేరులో ఒక్క అక్షరం తేడా ఉన్న టీ480ఎస్‌లో కూడా ఒకటే స్లాట్. ఎక్స్1 కార్బన్‌లో అసలు స్లాటే లేదు.

టీ480 ఎంత మెమరీ తీసుకుంటుందన్న విషయంలో రెండు మాటలున్నాయి. లెనోవో పత్రాలు 32 జీబీ అంటాయి. 64 జీబీ పెట్టి వాడుతున్నామని చెప్పేవాళ్లు చాలామంది. రెండో మాటనే నమ్మవచ్చు, అయితే 8 నుంచి 16 జీబీతో గడిచే కొనుగోలుదారుకు ఆ వివాదంతో పనిలేదు. 2025 చివరి నుంచి మెమరీ ధరలు బాగా పెరగడంతో, ‘తర్వాత వేయించుకుందాం’ అనుకునే పాత సలహా ఇప్పుడు అంత చవక కాదు.

ఈ మోడల్‌లో వెతకాల్సిన లోపం ఒకటుంది. 2017–2019 నాటి పలు థింక్‌ప్యాడ్‌లలో థండర్‌బోల్ట్ ఫర్మ్‌వేర్ దోషం వల్ల కాలక్రమంలో యూఎస్‌బీ-సీ పోర్ట్ పనిచేయకపోవడం, చార్జింగ్ ఆగిపోవడం, బాహ్య తెర రాకపోవడం జరిగాయి. లెనోవో దీన్ని అంగీకరించి, అత్యవసర అప్‌డేట్ విడుదల చేసింది. చెడకముందే అప్‌డేట్ వేస్తే సరిపోతుంది. చెడ్డాక బోర్డు పని పడుతుంది. టీ480కు చార్జింగ్ యూఎస్‌బీ-సీ ద్వారానే కాబట్టి ఎడమవైపున్న రెండు పోర్ట్‌లలోనూ చార్జర్ గుచ్చి చూడాలి. పిన్ కొద్దిగా కదిలించినప్పుడు చార్జింగ్ గుర్తు వస్తూ పోతూ ఉంటే ఎంత తగ్గించినా ఆ పీస్ వద్దు. కొన్ని టీ480లు 1366×768 తెరతో కూడా తయారయ్యాయి. తెలుగు వత్తులు, గుణింతాలు రోజంతా చదివే కంటికి 1920×1080 తెరే సుఖం.

కౌంటర్ దగ్గర పరీక్ష

విక్రేతలు వేసే ఏ, బీ, సీ గ్రేడ్‌లు ప్రధానంగా గీతలు, సొట్టలకు సంబంధించినవి, పైగా ఒక్కో దుకాణానిది ఒక్కో కొలత. పైన పటారం లోన లొటారం అన్న మాట ఇక్కడ అక్షరాలా నిజమవుతుంది. మార్చగలిగిన వాటిని బేరానికీ, మార్చలేని వాటిని నిరాకరించడానికీ కారణంగా తీసుకోవడం మేలు. బ్యాటరీ, ఎస్ఎస్‌డీ, మెమరీ మొదటి రకం. బోర్డు, పోర్ట్‌లు, హింజ్‌లు, అన్నిటికీ మించి ఫర్మ్‌వేర్ తాళాలు రెండో రకం.

తాళాల సంగతి కొనేవాళ్లు అతి తక్కువగా పట్టించుకుంటారు, అతి ఎక్కువగా నష్టపోయేదీ ఇక్కడే. బయోస్‌లోకి వెళ్లబోతే పాస్‌వర్డ్ అడిగితే అది పాత కంపెనీ పెట్టిన సూపర్‌వైజర్ పాస్‌వర్డ్ కావచ్చు. థింక్‌ప్యాడ్‌లలో అది మరచిపోతే బోర్డు మార్చడమే మార్గమన్నది లెనోవో వైఖరి. మార్కెట్లో చిప్ ప్రోగ్రామ్ చేసి తీసేవాళ్లున్నా ఆ ఖర్చు, ఆ రిస్కు కొనేవాడు మోయకూడదు. రెండోది విండోస్ ఆటోపైలట్. యంత్రం హార్డ్‌వేర్ గుర్తింపు పాత కంపెనీ ఖాతాలో నమోదై ఉంటే, ఇప్పుడు చక్కగా నడుస్తున్నా, ఏడాది తర్వాత రీసెట్ చేసి ఇంటర్నెట్‌కు కలిపిన క్షణాన ఆ కంపెనీ పేరుతో లాగిన్ అడుగుతుంది. అందువల్ల దుకాణంలోనే రీసెట్ చేయించి, సొంత ఫోన్ హాట్‌స్పాట్‌కు కలిపి, మొదటి సెటప్ తెరలు దాటేవరకు ఉండాలి. దీనికి ఒప్పుకోని విక్రేత దగ్గర కొనకూడదు.

లినక్స్ మింట్ వంటిది ఎక్కించిన పెన్‌డ్రైవ్ వెంట తీసుకెళ్తే పని తేలిక. దాంతో బూట్ అయితే యూఎస్‌బీ బూట్‌కు తాళం లేదని తెలుస్తుంది. అక్కడే ప్రతి కీ కొట్టి, కెమెరా, వైఫై, స్పీకర్లు, హెడ్‌ఫోన్ రంధ్రం చూడవచ్చు. తెరను పూర్తి తెలుపు, పూర్తి నలుపు చేస్తే మచ్చలు, డెడ్ పిక్సెల్‌లు బయటపడతాయి. మూత ఒక మూల పట్టుకుని తెరిచినప్పుడు కిర్రుమంటే, కింద బాడీ విచ్చుకుంటే హింజ్ పోతున్నట్టే.

బ్యాటరీకి విండోస్‌లో పవర్‌సీఎఫ్‌జీ కమాండ్ పక్కన స్లాష్ పెట్టి బ్యాటరీరిపోర్ట్ అని కొడితే తయారీనాటి సామర్థ్యం, ఇప్పుడు పట్టే సామర్థ్యం పక్కపక్కనే వస్తాయి. 24 వాట్-అవర్ల బ్యాటరీ 12 దగ్గర నిండిపోతుంటే కొత్తదాని ధర బేరంలో తగ్గించుకోవాలి. కాపీ బ్యాటరీల చిప్‌లు చెప్పే అంకెలు అన్నివేళలా నమ్మదగినవి కావు. కేబుల్ తీసి అరగంట నడిపి చూడటమే పక్కా. టచ్‌ప్యాడ్ పైకి ఉబ్బినా, అడుగు మూత సందు విచ్చినా బ్యాటరీ పొంగిందని అర్థం, అది ప్రమాదకరం. ఎస్ఎస్‌డీ ఎన్ని గంటలు నడిచిందీ, ఎంత అరిగిందీ క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో అనే ప్రోగ్రామ్ చూపుతుంది.

లైసెన్స్, బిల్లు

విండోస్ 8 కాలం నుంచి బ్రాండెడ్ ల్యాప్‌టాప్‌ల లైసెన్స్ కీ సాధారణంగా బోర్డు ఫర్మ్‌వేర్‌లోనే ఉంటుంది. అయినా ‘ప్రో, ఆఫీస్ ఫ్రీ’ అంటూ పెద్ద సంస్థల కోసం ఉద్దేశించిన కేఎంఎస్ పద్ధతిన దొంగ యాక్టివేషన్ చేసి ఇవ్వడం ఈ వ్యాపారంలో మామూలైంది. కేఎంఎస్ యాక్టివేషన్ గడువు ఒక్కసారికి 180 రోజులే. దాన్ని పొడిగిస్తూ పోయే దొంగ సాఫ్ట్‌వేర్ లోపల ఇంకేం చేస్తోందో కొనేవాడికి తెలియదు. రీసెట్ చేశాక తనంతట తానే యాక్టివేట్ అయితేనే అసలు లైసెన్స్ ఉన్నట్టు. లేకుంటే ఉబుంటు, మింట్ ఖర్చులేని దారి. వీటిలో తెలుగు టైపింగ్ బాగానే ఉంటుంది. హైదరాబాద్ కేంద్రంగా పనిచేసే స్వేచ్ఛ సంస్థ పూర్తి తెలుగు ఇంటర్‌ఫేస్‌తో లినక్స్‌ను రూపొందించింది కూడా.

బిల్లు విషయంలో రాజీపడకూడదు. వాడిన వస్తువులకు జీఎస్టీ నియమాల్లోని 32(5) ప్రకారం, షరతులకు లోబడి, లాభం మీద మాత్రమే పన్ను కట్టే వీలుంది కాబట్టి ‘బిల్లయితే 18 శాతం ఎక్కువ’ అన్న వాదన ప్రతిసారీ నిలవదు. కచ్చా చీటీ కాకుండా సీరియల్ నంబరు రాసిన బిల్లు తీసుకుంటే, యంత్రం దొంగసొత్తని తేలిన రోజున కొన్నవాడి నిజాయితీకి అదే ఆధారం. తెలిసి దొంగసొత్తు ఉంచుకోవడం భారతీయ న్యాయ సంహిత 317వ సెక్షన్ కింద నేరం. ‘టెస్టింగ్ వారంటీ’ అని నోటిమాటగా ఇచ్చే కొద్దిరోజుల హామీని కూడా అదే బిల్లు మీద రాయించుకోవాలి.

మ్యాక్‌బుక్‌లు, డెస్క్‌టాప్‌లు

ఇంటెల్ చిప్ ఉన్న మ్యాక్‌బుక్‌లు ఇప్పుడు చవకగా దొరుకుతున్నాయి, దానికి కారణం ఉంది. 2025లో వచ్చిన మ్యాక్‌ఓఎస్ టాహో ఇంటెల్ యంత్రాలకు చివరి వెర్షన్ అని ఆపిల్ ప్రకటించింది. 2015–2019 మధ్య వచ్చిన పలు మోడళ్ల బటర్‌ఫ్లై కీబోర్డ్‌లు ఇబ్బంది పెట్టాయి. 2020 నవంబరు నాటి ఎం1 నుంచి మొదలుపెట్టడం సబబు. పాత యజమాని యాక్టివేషన్ లాక్ తీశాడో లేదో చూడకుండా డబ్బు చేతులు మారకూడదు.

ఇంట్లో ఒకే చోట పెట్టి వాడేవాళ్లకు డెల్ ఆప్టిప్లెక్స్ మైక్రో, లెనోవో థింక్‌సెంటర్ టైనీ వంటి చిన్న డెస్క్‌టాప్‌లు ఇదే తరం చిప్‌తో సాధారణంగా ల్యాప్‌టాప్‌కన్నా తక్కువకు వస్తాయి. బ్యాటరీ, హింజ్ గొడవ లేదు. మానిటర్, కీబోర్డ్ ఖర్చు కలిపి లెక్కవేసుకోవాలి, కరెంటు పోయే ఊళ్లలో యూపీఎస్ కూడా.