28 వేలే తిరిగిన తాతగారి ఫియట్.. ఇంజిన్ దింపాలా? వద్దా? ముందు ఇవి చెక్ చేసుకోండి

చిక్కడపల్లి, నారాయణగూడ, అశోక్‌నగర్ పాత గల్లీల్లో కవర్ కప్పి పెట్టిన ప్రీమియర్ పద్మినీలు, అంబాసిడర్లు ఇప్పటికీ అక్కడక్కడా కనిపిస్తాయి. మీ ఇంట్లోనూ అలాంటి బండి ఉందా? మీటర్ చూస్తే 28 వేల కిలోమీటర్లే. కానీ స్టార్ట్ కాదు. మెకానిక్‌ని పిలిస్తే "ఇంజిన్ దింపాల్సిందే సార్" అంటాడు. ఇంట్లోవాళ్లేమో "ఇంత తక్కువ తిరిగిన బండికి ఇంజిన్ పనేంటి?" అంటారు. నిజం చెప్పాలంటే ఇద్దరూ కొలవకుండానే మాట్లాడుతున్నారు.

మీటర్ చెప్పేదంతా నిజమేనా?

ఆ కాలం కార్లలో చాలావాటి మీటర్లకు ఐదంకెలే. 99,999 దాటగానే మళ్లీ సున్నా నుంచి మొదలవుతుంది. అంటే మీరు చూస్తున్న 28 వేలు, 1 లక్షా 28 వేలు కూడా కావొచ్చు. క్లచ్, బ్రేక్ పెడల్ రబ్బర్లు, డ్రైవర్ సీటు ఎంత అరిగాయో చూడండి. పాత సర్వీస్ బిల్లులుంటే వెతకండి. రబ్బరు నున్నగా అరిగిపోయి, మీటర్ మాత్రం 28 వేలు చూపిస్తే అనుమానించాల్సిందే.

సరే, నిజంగానే తక్కువ తిరిగిందనుకుందాం. అయినా ఇంజిన్ బాగున్నట్టు కాదు. అశోక్‌నగర్ నుంచి నారాయణగూడ మార్కెట్‌కి వెళ్లి రావడం లాంటి చిన్న ట్రిప్పుల్లో ఇంజిన్ పూర్తిగా వేడెక్కదు. లోపల చేరిన తేమ ఆవిరైపోకుండా ఆయిల్‌లోనే ఉండిపోతుంది. ఇక ఏళ్ల తరబడి నిలబెట్టేస్తే సిలిండర్ గోడలకు తుప్పు పడుతుంది, రింగులు పిస్టన్‌కి పట్టేస్తాయి, సీళ్లు గట్టిపడతాయి. పద్మినీకి ఇంకో చిక్కుంది. దాని 1089 సీసీ ఇంజిన్‌కి హెడ్ అల్యూమినియంది. కూలెంట్ లేకుండా బోరు నీళ్లు పోసి వదిలేస్తే ఆ హెడ్‌ని లోపల్నుంచి తినేస్తుంది.

ఈ ఏరియా వాళ్లు అడగాల్సిన ప్రశ్న

2000 ఆగస్టు 24న హైదరాబాద్‌లో ఒక్కరోజులో 24 సెంటీమీటర్ల వాన పడింది. హుస్సేన్‌సాగర్ నాలా పక్కనున్న అశోక్‌నగర్, దోమలగూడ వైపు ఇళ్లలోకి నీళ్లొచ్చాయి. ఆ రోజు మీ కారు ఎక్కడుంది? ఇంట్లో పెద్దవాళ్లని అడగండి. డిప్‌స్టిక్ తీస్తే ఆయిల్ ఇరానీ చాయ్ రంగులో ఉందంటే లోపలికి నీళ్లు చేరినట్టే. అప్పుడు మీటర్‌లో ఎంతుందన్నది మర్చిపోండి.

స్టార్ట్ చేసే తొందర వద్దు

చాలామంది చేసే తప్పు ఇదే. కొత్త బ్యాటరీ తెచ్చి సెల్ఫ్ కొట్టేస్తారు. పట్టేసిన రింగు అక్కడే విరగొచ్చు, బోరు గీసుకుపోవచ్చు. బాగుచేసుకోగలిగే ఇంజిన్‌ని ఐదు సెకన్లలో పాడుచేసుకున్నట్టు అవుతుంది.

ముందు పాత పెట్రోల్, ఆయిల్ తీసేయించి, కొత్త ఆయిల్ పోయించండి. ప్లగ్గులు విప్పి ఒక్కో సిలిండర్‌లో కొంచెం ఆయిల్ వేసి రెండు మూడు రోజులు వదిలేయండి. తర్వాత చేత్తో తిప్పించండి. ఫ్రీగా తిరిగితే అప్పుడు సెల్ఫ్‌తో కంప్రెషన్ టెస్ట్. నాలుగు ప్లగ్గులూ తీసి, యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కి చూడాలి. నాలుగు సిలిండర్లలో రీడింగ్ దగ్గరదగ్గరగా ఉంటే మంచిదే. మూడింటిలో 125 దగ్గర వచ్చి ఒకదాంట్లో 80 వస్తే తేడా ఉన్నట్టు. ఆ సిలిండర్‌లో చెంచాడు ఆయిల్ వేసి మళ్లీ చూడండి. రీడింగ్ పెరిగితే లోపం రింగుల దగ్గర, పెరగకపోతే వాల్వుల దగ్గరో హెడ్ గ్యాస్కెట్ దగ్గరో ఉండొచ్చు. వాల్వుల పనికి హెడ్ దింపితే చాలు, మొత్తం ఇంజిన్ దింపక్కర్లేదు.

రింగులే అయినా వెంటనే తీర్మానం చేసేయకండి. పట్టేసిన రింగులు కొన్ని వందల కిలోమీటర్లు నెమ్మదిగా నడిపితే కొన్నిసార్లు వదులుతాయి. తర్వాత మళ్లీ టెస్ట్ చేయించండి. స్టార్ట్ చేయగానే నీలం పొగ వచ్చి కాసేపటికి తగ్గిపోతే, చాలాసార్లు గట్టిపడిన వాల్వ్ సీళ్ల వల్లే. ఈ ఒక్క పొగ చూసి "ఇంజిన్ బోర్‌కొచ్చింది" అంటే ఒప్పుకోవద్దు.

కింద నుంచి ఠక్‌ఠక్ శబ్దం, వేడెక్కాక ఆయిల్ ప్రెషర్ పడిపోవడం, బోర్‌లో గోటికి తగిలేంత తుప్పు గుంటలు.. ఇవి కనిపిస్తే మాత్రం ఆలోచించక్కర్లేదు, దింపాల్సిందే.

50 ఏళ్లు దాటిన బండైతే

2021లో కేంద్రం తెచ్చిన వింటేజ్ రూల్స్ ప్రకారం, 50 ఏళ్లు దాటి అసలు రూపంలోనే ఉన్న బండ్లకు 'వీఏ' సిరీస్ నంబర్ ఇస్తారు. కొత్త రిజిస్ట్రేషన్‌కి ఫీజు 20 వేలు. ఛాసిస్, బాడీ, ఇంజిన్‌లో భారీ మార్పులు జరిగి ఉండకూడదు. కాబట్టి ఖర్చు తగ్గుతుందని డీజిల్ ఇంజిన్ ఎక్కించే ఐడియా ఉంటే మానుకోండి. ఆర్సీలో ఉన్న ఇంజిన్ నంబర్, బ్లాక్ మీదున్న నంబర్ ఒకటేనా అన్నదీ ఇప్పుడే చూసుకోండి.

బండి మళ్లీ రోడ్డెక్కితే పెట్రోల్ పైపులన్నీ మార్పించండి. ఇప్పుడు బంకుల్లో వచ్చే ఈ20 పెట్రోల్‌లోని ఇథనాల్ పాత రబ్బరుని పాడుచేస్తుంది.

చివరికి బోరు కొట్టించక తప్పకపోతే ఒక్క జాగ్రత్త. రాణిగంజ్‌లోనో ఇంకెక్కడో తిరిగి ముందు ఓవర్‌సైజ్ పిస్టన్లు సంపాదించండి. వాటిని కొలిచి, ఆ కొలతకే లేత్ వాళ్లతో బోరు కొట్టించాలి. ముందే కొట్టించేస్తే, ఆ సైజు పిస్టన్లు దొరక్క బ్లాక్ మూలన పడుంటుంది.